గోఫర్స్‌కి కావాల్సింది కొత్త కోచ్ కాదు, పాత పగలు!

ఏడు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి చాలు. ఇవాళ్టి గొడవంతా దీని చుట్టూనే.

2013లో మన మిన్నెసోటా యూనివర్సిటీ మగవాళ్ల ఐస్ హాకీ జట్టు గోఫర్స్, పుట్టిల్లు లాంటి డబ్ల్యూసీహెచ్‌ఏ లీగ్‌ని వదిలేసి బిగ్ టెన్ లీగ్‌లో కాపురం పెట్టింది కదా. అప్పట్నుంచి 2025 దాకా పన్నెండు సీజన్లు. అందులో మనం కొట్టిన బిగ్ టెన్ లీగ్ టైటిళ్లు ఏడు. 2025లో మిషిగన్ స్టేట్‌తో పంచుకున్నది కూడా కలిపే చెప్తున్నా. భేష్, బ్యానర్ కట్టుకోండి.

ఇప్పుడు అదే పన్నెండేళ్లలో, మన పాత పొరుగువాళ్లు పెట్టుకున్న ఎన్‌సీహెచ్‌సీ లీగ్ ఎన్ని జాతీయ టైటిళ్లు కొట్టిందో చూడండి. 2016 నార్త్ డకోటా. 2017 డెన్వర్. 2018 డులూత్, 2019 మళ్లీ డులూత్. 2022 డెన్వర్, 2024 మళ్లీ డెన్వర్. 2025లో వెస్టర్న్ మిషిగన్. లెక్కపెట్టారా? ఏడు!

వాళ్లకీ ఏడే, మనకీ ఏడే. వాళ్లవి దేశం మొత్తానికి, మనవి ఇంట్లో గోడకి.

మరి బిగ్ టెన్ మొత్తానికి, అంటే మిషిగన్, విస్కాన్సిన్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్ అందర్నీ కలుపుకుని, ఈ పన్నెండేళ్లలో వచ్చిన జాతీయ టైటిళ్లు? సున్నా. గుండు సున్నా. యూనియన్ అనే చిన్న కాలేజీకి వచ్చింది, ప్రావిడెన్స్‌కి వచ్చింది, మసాచుసెట్స్‌కి వచ్చింది, క్విన్నిపియాక్‌కి వచ్చింది. కోవిడ్‌తో 2020 పోటీ ఎగిరిపోయింది, అంటే ఆ ఏడాది ఎవరికీ రాలేదు. మనకి మాత్రం కోవిడ్ లేని ఏడాది కూడా 2020 లాగే గడిచింది.

ఇక కోచ్ సంగతి. 2025 మార్చి మొదట్లో బిగ్ టెన్ క్వార్టర్స్‌లో నోటర్ డేమ్ వచ్చి, మన రింక్‌లోనే మన సిరీస్ పట్టుకుపోయింది. మార్చి చివర జాతీయ పోటీలో, ఫార్గో ఊళ్లో, మసాచుసెట్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడాం. ఆ ఓటమి తర్వాత ఎక్కడ చూసినా ఒకటే పాట, "కోచ్ మాట్జ్‌కోని పంపించెయ్యండి". బాబూ, 2022లోనూ 2023లోనూ వరసగా ఫ్రోజెన్ ఫోర్‌కి, అంటే జాతీయ పోటీలో చివరి నాలుగు జట్ల దాకా, తీసుకెళ్లింది ఆయనే కదా! కోచ్‌ని మారిస్తే బోర్డు మీద పేరు మారుతుంది. సీజన్లో ఇరవై నాలుగు ఆటలు ఎవరితో ఆడాలో ఆ లిస్టు మారదు. రోగం ఆ లిస్టులో ఉంది.

లెక్క చూడండి. మగవాళ్ల కాలేజీ హాకీలో రెగ్యులర్ సీజన్‌కి పరిమితి 34 ఆటలు. బిగ్ టెన్ హాకీలో ఏడు టీములు. మనం పోగా ఆరు, ఒక్కొక్కరితో నాలుగేసి ఆటలు, మొత్తం 24 అక్కడే హరీ. ఇక మిగిలేది పది. ఆ పదిలోనే డులూత్, సెయింట్ క్లౌడ్, మ్యాంకేటో, బెమిజి, సెయింట్ థామస్, నార్త్ డకోటా లాంటి ఇరుగుపొరుగు జట్లందరూ సర్దుకోవాలి. పండగపూట ఒక్క బాత్రూమ్ ఉన్న ఇల్లులా ఉంది వ్యవహారం.

సెయింట్ క్లౌడ్ మినియాపొలిస్‌కి గంట దూరం. మ్యాంకేటో గంటన్నర. డులూత్ రెండున్నర గంటలు. శుక్రవారం ఆఫీసు అయ్యాక కారెక్కితే మొదటి పీరియడ్‌కి సీట్లో ఉండొచ్చు. ఇప్పుడు పెన్ స్టేట్ ఆటకి వెళ్లాలంటే విమానం ఎక్కి, దిగి, మళ్లీ కారెక్కి, పెన్సిల్వేనియా కొండల మధ్యకి పోవాలి. వాళ్ల ఫ్యాన్స్‌కీ అదే తిప్పలు. అందుకే మన సొంత రింక్ మరియూచి అరీనాలో ఎదుటి జట్టు రంగు కనపడదు. ఎదుటివాడి అరుపు లేకపోతే మనవాడికి అరవాలన్న కసి ఎక్కడిది? ఒకప్పుడు నార్త్ డకోటా వచ్చిందంటే గ్రాండ్ ఫోర్క్స్ నుంచి ఆకుపచ్చ చొక్కాలు దిగేవి, మనవాళ్ల గొంతు రెండో పీరియడ్‌కే పోయేది. ఇప్పుడు ఒహాయో స్టేట్ వస్తే... వచ్చిందంటారా? నిజంగా వచ్చిందా?

అసలు బిగ్ టెన్ హాకీ ఎలా పుట్టిందో గుర్తుందా? 2010లో టెర్రీ పెగులా అనే గ్యాస్ వ్యాపారి పెన్ స్టేట్‌కి 88 మిలియన్ డాలర్లు ఇచ్చాడు, హాకీ పెట్టుకోమని. అప్పటికి బిగ్ టెన్‌లో హాకీ ఉన్నవి ఐదు యూనివర్సిటీలు. ఆరోది వస్తే సొంత లీగ్ పెట్టుకోవచ్చు. వచ్చింది, పెట్టారు. సొంత టీవీ ఛానల్ ఉంది, చలికాలంలో చూపించడానికి సరుకు కావాలి. మిన్నెసోటా హాకీ బాగుంటుందని చేసిన పెళ్లి కాదిది, కట్నం చూసి చేసిన పెళ్లి.

"లీగ్‌కీ ఓటమికీ ఏం సంబంధం?" అంటారు. ఉంది. టాంపాలో జరిగిన 2023 జాతీయ ఫైనల్ గుర్తుచేసుకోండి. క్విన్నిపియాక్ మీద 2-0 ఆధిక్యం. మన దగ్గర నీస్, కూలీ, స్నగ్గెరుడ్ అనే ముగ్గురు ఆటగాళ్లు, దేశంలో ఏ కాలేజీకీ లేని వరుస. కూలీ అయితే, ఎన్‌హెచ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో నంబరు. మూడో పీరియడ్‌లో ఏం చేశాం? ఆధిక్యాన్ని చంకలో పెట్టుకుని కూర్చున్నాం. ఆ పీరియడ్‌లో మన షాట్లు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. వాళ్లు గోలీని బయటికి లాగి ఆరో ఆటగాణ్ణి దింపారు. ఇంకా 2:47 ఉండగా స్కోరు సమం.

ఓవర్‌టైమ్. ఆట మొదలుపెట్టే ఫేస్ఆఫ్ పడింది. పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, వెనక్కి వాళ్ల మెట్సాకి, అక్కణ్ణుంచి పొడుగ్గా ముందుకి లిప్కిన్‌కి, లిప్కిన్ నుంచి క్విలన్‌కి, క్విలన్ మన గోలీ క్లోజ్‌ని చుట్టేసి లోపల వేశాడు. పది సెకన్లు! చిప్స్ ప్యాకెట్ చింపే లోపు సీజన్ అయిపోయింది. అది అదృష్టం కాదు, ముందే గీసుకుని సాధన చేసిన ఎత్తుగడ. అలాంటి వాటికి విరుగుడు ఏంటంటే, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు వచ్చిన ముదురు జట్లతో, మంచు మీద మురికి ఆట ఆడేవాళ్లతో వారం వారం తలపడటం. నీలి గీత దగ్గర పక్ పోగొట్టుకుంటే ఏమవుతుందో మ్యాంకేటో నేర్పినట్టు ఎవరూ నేర్పరు. 2022 ఫ్రోజెన్ ఫోర్‌లో 5-1తో నేర్పింది కూడా. పాఠం ఏప్రిల్లో చెప్తే ఏం లాభం, పరీక్ష అదేగా! మన దగ్గర పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. ఆడినంతకాలం అద్భుతం, ఓడిన మర్నాడు ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు. నీస్ టాంపా ఓటమి తర్వాత టొరంటోకి వెళ్లిపోయాడు. స్నగ్గెరుడ్ ఫార్గో తర్వాత సెయింట్ లూయిస్‌కి. పిల్లల తప్పేం లేదు, నలుగురితో దెబ్బలు తిని రాటుదేలే టైమే వాళ్లకి దొరకలేదు.

కొందరు మంచు వెడల్పు మీదకి నెడతారు. మరియూచిలో 1993 నుంచి ఒలింపిక్ సైజు మంచు, 200 అడుగులకి 100. ఎన్‌హెచ్‌ఎల్‌ది 200కి 85. తేడా 3,000 చదరపు అడుగులు, మన హైదరాబాద్ లెక్కలో 333 గజాల ప్లాటు! ఇంట్లో ఆ ప్లాటంతా చుట్టొచ్చి ఆడటం అలవాటైన జట్టు, మార్చిలో ఇరుకు రింక్‌కి వెళ్లేసరికి గోడకి గుద్దుకుంటుంది. పాస్ ఇవ్వడానికి అర సెకను తగ్గుతుంది, గోలీకి షాట్ కోణం మారుతుంది. న్యాయమైన ఫిర్యాదే, కాదనను. కానీ 2022లో వెడల్పు తగ్గించి ఎన్‌హెచ్‌ఎల్ కొలతకి దగ్గరగా తెచ్చారు. తర్వాత టాంపా, తర్వాత బోస్టన్ యూనివర్సిటీ చేతిలో 6-3, తర్వాత ఫార్గో. ఇంకా ఎంత కోసుకుందాం మంచుని?

నా థియరీకి అసలు రుజువు పక్క గుమ్మంలోనే ఉంది. రిడ్డర్ అరీనా. మరియూచికి ఆనుకునే ఉంటుంది, ఆడవాళ్ల గోఫర్స్ ఇల్లు. అదే యూనివర్సిటీ, అదే వీధి, అదే చలి. వాళ్లు మాత్రం డబ్ల్యూసీహెచ్‌ఏని వదల్లేదు. డులూత్, సెయింట్ క్లౌడ్, మ్యాంకేటో, బెమిజిలతో ఇప్పటికీ లీగ్ ఆటలు ఆడతారు. మగవాళ్లు వెళ్లిపోయాక వాళ్లు 2015లో ఒకటి, 2016లో ఒకటి జాతీయ టైటిల్ కొట్టారు. అంతకుముందు 2012, 2013లో రెండు, మధ్యలో వరసగా 62 విజయాలు. మగవాళ్లది చివరి టైటిల్ ఎప్పుడు? 2003. ఒకే ప్రహరీ లోపల రెండు కాపురాలు, పాత సంబంధాలు నిలుపుకున్న ఇల్లు వెలిగింది. ఇంతకంటే ఏం చూపించాలండీ?

2014 కూడా చూడండి. బిగ్ టెన్‌కి వెళ్లాక గోఫర్స్ ఫ్యాన్‌కి దక్కిన అతి గొప్ప క్షణం ఏది? ఫిలడెల్ఫియా సెమీఫైనల్, ఒక ఆటగాడు తక్కువ ఉండి, 0.6 సెకను మిగిలుండగా జస్టిన్ హోల్ గోల్. ఆ సీజన్ మొత్తంలో అతని మొదటి గోల్ అదే! ఎవరి మీద? నార్త్ డకోటా మీద. బిగ్ టెన్ జట్టు మీద కాదు. ఆ రాత్రి క్యాంపస్ పక్కనున్న డింకీటౌన్ రోడ్ల మీదకి జనం ఎగబడ్డారు. రెండ్రోజుల తర్వాత యూనియన్ 7-4తో సాగనంపిందనుకోండి, అది వేరే ఏడుపు.

2018 ఇంకా ఘోరం. ఫ్రోజెన్ ఫోర్ మన సెయింట్ పాల్‌లోనే. అప్పట్లో పదహారు జట్ల జాతీయ పోటీకి ఎంపిక పెయిర్‌వైజ్ అనే ర్యాంకుల లెక్కతో. అందులో కీలకమైన ఆర్‌పీఐ అనే స్కోరులో మన గెలుపు శాతానికి ఉన్న బరువు పావు వంతే, మిగతా ముప్పావు ఎవరితో ఆడామో వాళ్ల జాతకం. ఆ లెక్కలో చివరి సీటు డులూత్‌కి వెళ్లింది, మనకంటే పదివేలలో ఒక వంతు తేడాతో! ఫ్రోజెన్ ఫోర్‌లో మూడు బిగ్ టెన్ జట్లు, ఒక్క డులూత్. కప్పు ఎవరెత్తారు? డులూత్, మన ఊళ్లో, మన సీటులో కూర్చుని. ముగ్గురుండీ ఒక్కణ్ణి ఆపలేని లీగ్‌ని ఏమనాలి?

క్యాంపస్ సంగతీ అంతే. ఫాల్ సెమిస్టర్ డిసెంబర్ మూడో వారానికి అయిపోతుంది, క్లాసులు మళ్లీ జనవరి మధ్య దాటాక. ఆ మధ్య ఇంటి ఆటలు పడితే స్టూడెంట్ సెక్షన్లో కుర్చీలే చప్పట్లు కొట్టాలి. గ్రీన్ లైన్ రైలు దిగి స్టేడియం విలేజ్ స్టేషన్ నుంచి నడిచేది కొద్ది దూరమే, కానీ మైనస్ ఇరవైలో ఆ కొద్ది దూరం నడవాలంటే కారణం ఉండాలి. ఇండియా నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన మన కుర్రాళ్లు మొదటి ఏడాది ఉత్సాహంగా వెళ్తారు. రెండో ఏడాది "మిషిగనా? టీవీలో చూద్దాంలే" అంటారు. డులూత్ రూమ్మేట్ పక్కన కూర్చుని వెక్కిరిస్తుంటే ఆ మాట అనేవారా? డింకీటౌన్‌లో పాత దుకాణాలు పోయి అపార్ట్‌మెంట్ టవర్లు లేచాయి. ఆట అయ్యాక గుంపుగా నిలబడి తిట్టుకోవడానికి అరుగు కూడా లేదు.

ఊరికి హాకీ మీద మోజు తగ్గిందా? అబద్ధం! మార్చిలో హైస్కూల్ అబ్బాయిల స్టేట్ టోర్నమెంట్‌కి నాలుగు రోజుల్లో లక్షకి పైగా జనం వస్తారు. ఈడెన్ ప్రైరీ, ఎడైనా పిల్లల కోసం తాతలు కూడా వస్తారు. ఎందుకంటే అక్కడ పక్కూరి మీద పగ ఉంది. 2025లో సరిగ్గా అదే వారాంతంలో బిగ్ టెన్ క్వార్టర్స్ పెట్టారు. ఎవరి బుర్రో గానీ!

ఇక్కడొక చిన్న మాట. మరియూచి అని పేరు పెట్టుకున్నాం కదా, ఆ జాన్ మరియూచి కోచ్‌గా ఉండగా 1958లో, వయసు మీరిన కెనడా ఆటగాళ్లతో నింపుకుంటున్నారని డెన్వర్ లాంటి జట్లున్న లీగ్ నుంచే మిన్నెసోటా బయటికొచ్చేసింది. ఆ పంతం తర్వాత మిన్నెసోటా పిల్లలతోనే ఆడతాం అనేదాకా వెళ్లింది. చాలా ఏళ్లకి తీసుకున్న తొలి బయటి కుర్రాడు గ్రాంట్ పొటుల్నీ. వాడిది గ్రాండ్ ఫోర్క్స్, సాక్షాత్తూ శత్రువు ఊరు. 2002 జాతీయ ఫైనల్లో మెయిన్ యూనివర్సిటీ జట్టు మీద ఓవర్‌టైమ్ గోల్ వాడిదే! 2025 ఆగస్టు 1 నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకి కూడా కాలేజీ హాకీ గేటు తీశారు. మరియూచి బతికుంటే ఏమనేవాడో, అరీనా పేరు ముందు తగిలించిన 3ఎమ్ కంపెనీ బోర్డు చూసి ఏమనేవాడో మీరే ఊహించుకోండి.

"2003 నుంచి 2013 దాకా డబ్ల్యూసీహెచ్‌ఏలోనే ఉన్నారుగా, అప్పుడెందుకు గెలవలేదు?" అని టైపు చేస్తున్నవాళ్లు కనిపిస్తున్నారు. 2006లో హోలీ క్రాస్ కాలేజీ చేతిలో ఓడిన సంగతి కూడా లాగుతారు, తెలుసు. అవును, ఓడాం. కానీ అప్పుడు ఓడితే ఊరు వారం రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు ఓడితే మర్నాడు ఇక్కడి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వైల్డ్ ఆటకి టికెట్లు వెతుకుతోంది. నా లెక్కకి ఆ తేడా చాలు.

బిగ్ టెన్‌ని వదలరు, టీవీ డబ్బు వదలనివ్వదు. సరే. చేతిలో పది ఆటలున్నాయి కదా. రెండు నార్త్ డకోటాకి, ఏటా, ఒక ఏడాది ఇక్కడ ఒక ఏడాది అక్కడ. రెండు డులూత్‌కి. సెయింట్ క్లౌడ్, మ్యాంకేటోలకి ఇంటొకటి బయటొకటి చొప్పున నాలుగు. మిగిలిన రెండూ బెమిజికి ఒకటి, సెయింట్ థామస్‌కి ఒకటి. తూర్పు నుంచి ఎవర్నీ పిలవొద్దు. ఒక్కటి కూడా క్రిస్మస్ సెలవుల్లో పెట్టొద్దు. 2014లో నార్త్ స్టార్ కప్ అని రాష్ట్రంలోని జట్లకి టోర్నమెంట్ పెట్టి, 2017తో దుకాణం కట్టేశారు. బోస్టన్ వాళ్లు తమ ఊరి కాలేజీల టోర్నమెంట్ బీన్‌పాట్‌ని ఫిబ్రవరి మొదటి రెండు సోమవారాలకి కట్టేసి దశాబ్దాలుగా నడుపుతున్నారు. మనవాళ్ల ఓపిక నాలుగేళ్లకే అయిపోయింది.

డులూత్ ఫ్యాన్స్ ఎవరైనా చూస్తుంటే కింద వచ్చి తిట్టండి. మొహమాటపడకండి, ఆ తిట్ల కోసమే అడుగుతున్నా.