సొరచేప కోటు తొడుక్కుంటే: నలభై పిల్లికూనల బాకీ

[తెర మీద: నల్లటి నేపథ్యం. తెల్ల గీతలతో శ్మశానం. సమాధుల మధ్య సూటు వేసుకున్న ఒక ఆకారం. మెడ దాకా మనిషి, ఆ పైన సొరచేప.]

రాత్రిపూట శ్మశానంలో ఒకమ్మాయి, ఒకబ్బాయి నిలబడి మాట్లాడుకుంటున్నారు. అమ్మాయి పని రక్తపిశాచుల్ని చంపడం. అబ్బాయి రక్తపిశాచి. ఈమధ్యే ఇద్దరి మధ్యా ఒక ముద్దు నడిచింది. దాని గురించి మాట్లాడదామని అతను, ఆ ఊసే వద్దని ఆమె.

సరిగ్గా అప్పుడు ఒక పెద్దమనిషి వచ్చాడు. ఒంటి మీద సూటు, మెడ మీద సొరచేప తల, వెనకాల ఇద్దరు వస్తాదులు. వచ్చీ రాగానే మీద పడి కొరకలేదు. బాకీ అడిగాడు.

ఎంత బాకీ అనుకున్నారు? నలభై పిల్లికూనలు. అవి కూడా సయామీ జాతివే కావాలట.

[తెర మీద: సీరియల్ పేరు, తేదీ]

ఇది "బఫీ ద వాంపైర్ స్లేయర్" సీరియల్లోది. ఆరో సీజన్, ఎనిమిదో ఎపిసోడ్, పేరు "టాబ్యులా రాసా". 2001 నవంబర్ 13న అమెరికాలో యూపీఎన్ చానెల్లో వచ్చింది. క్లిప్ వేద్దామంటే కాపీరైట్ దెబ్బ పడుతుంది కాబట్టి నా చేతిగీతలతోనే సర్దుకోండి. ఎపిసోడ్ చూడనివాళ్లు ఉంటే, ఇక్కణ్ణుంచి కథ బయటపెట్టేస్తున్నా, తర్వాత నన్ననొద్దు.

ఆ సొరచేపాయన పేరు టీత్. అంటే పళ్లు. టీవీలో కనిపించింది ఆ ఒక్క ఎపిసోడ్లోనే, అదీ కొద్ది నిమిషాలు. అయినా ఫాంటసీ సీరియళ్లలో మాట్లాడే జంతువు దందా నడిపే సీను ఎక్కడ చూసినా నాకు మొదట గుర్తొచ్చేది ఇతనే. ఎందుకో ఈ వీడియోలో చెప్తా.

ముందు ఆ తల సంగతి. ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చి, కట్టకపోతే మనుషుల్ని పంపించేవాణ్ణి ఇంగ్లిష్‌లో "లోన్ షార్క్" అంటారు, అప్పుల సొరచేప అన్నమాట. రచయితలు చేసిందల్లా ఆ మాటని ఉన్నదున్నట్టు బొమ్మ చేసేయడమే. నుడికారానికి సూటు తొడిగి శ్మశానంలోకి పంపించారు. తెలుగులో చూసేవాళ్లకి ఈ జోకు సగమే అందుతుంది. మన భాషలో వడ్డీలు గుంజేవాడు సొరచేప కాదు కదా, జలగ. ఇదే సీను తెలుగులో పుట్టుంటే ఆ కోటు పైన జలగ తల ఉండేది.

[తెర మీద: జలగకి కోటు తొడిగే ప్రయత్నం. కుదరలేదు. చెరిపేశాం.]

దీని సంగతి చివర్లో చూద్దాం.

ఇప్పుడు పిల్లికూనలు. ఇవి ఊడిపడ్డవి కావు. మూడు ఎపిసోడ్ల ముందు, "లైఫ్ సీరియల్" అనే భాగంలో, స్పైక్ (మన రక్తపిశాచి పేరు అదే) బఫీని ఒక బారు వెనక గదికి తీసుకెళ్తాడు. అక్కడ రాక్షసులు పేకాడుతుంటారు. బల్ల మీద డబ్బుండదు. పందెం పిల్లికూనలు. బఫీ వాటిని చూసి జాలిపడి వదిలేస్తుంది. రాక్షసులకి పిల్లికూనలు ఏం పనికొస్తాయంటారా, అది నేను విడమరచను, మీరూ అడక్కండి.

అసలు స్పైక్ అప్పుల్లో ఎందుకున్నాడు? నాలుగో సీజన్లో సైన్యం వాళ్లు అతని బుర్రలో ఒక చిప్పు పెట్టారు. మనిషి మీద చెయ్యి వేస్తే చాలు, తల పగిలిపోయేంత నొప్పి. ఒకప్పుడు ఊళ్లకి ఊళ్లు హడలెత్తించినవాడు ఇప్పుడు కసాయి కొట్టులో రక్తం కొనుక్కుని బతుకుతున్నాడు. కొరకలేని పిశాచికి రాబడి ఎక్కణ్ణుంచొస్తుంది? పేకాట, అప్పు. ఇలాంటివాళ్లు ఎక్కడుంటారో వడ్డీ వ్యాపారికి ఎవరూ చెప్పక్కర్లేదు.

శ్మశానంలో స్పైక్ కొంచెం టైమివ్వమంటాడు. దానికి సొరచేప చెప్పే జవాబు ఎంత బాగుంటుందంటే, టైము గడిస్తే కూనలు పిల్లులైపోతాయి అంటాడు. అంతే. బెదిరించలేదు, గొంతు పెంచలేదు. కానీ ఆ ఒక్క మాటలో ఆ లోకపు ఆర్థిక శాస్త్రం మొత్తం ఉంది.

ఆలోచించండి. మామూలు అప్పులో కాలం ఎప్పుడూ ఇచ్చినవాడి వైపే ఉంటుంది. రోజు గడిచేకొద్దీ వడ్డీ పెరుగుతుంది, వాడు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. ఇక్కడ డబ్బుకే వయసొస్తోంది. నాలుగైదు నెలలు పోతే నలభై కూనల బదులు నలభై పిల్లులు మ్యావుమంటూ తిరుగుతాయి. బల్ల మీద వాటికి విలువ లేదు. అంటే ఈ వ్యాపారికి గడువివ్వడం చేతకాదు. సినిమా డాన్లు "రేపు పొద్దున్నదాకా టైమిస్తున్నా" అని దర్జాగా అంటారే, ఆ దర్జా ఇతనికి లేదు. శ్మశానానికి తనే కదిలొచ్చాడంటే కారణం ఇదేనని నాకనిపిస్తుంది. నవ్వించడానికి రాసిన డైలాగే కావచ్చు. కానీ ఆ జోకు కింద లెక్క కచ్చితంగా ఉంది కాబట్టే నిలబడింది.

[తెర మీద: చేతికర్ర పట్టుకున్న కొంగ]

మాట్లాడే జంతువు, మోసం అనగానే మనకి పంచతంత్రం గుర్తురాకుండా ఉండదు. అందులో కొంగ కథ ఉంది చూశారూ, దాన్ని ఈ కళ్లతో ఇంకోసారి చూడండి. ముసలి కొంగ చెరువు గట్టున దిగాలుగా నిలబడి, చెరువెండిపోతుందర్రా, మిమ్మల్ని ఒక్కొక్కళ్లనీ పెద్ద మడుగులో దిగబెడతా అని చేపల్ని నమ్మిస్తుంది. ముందు భయం తనే పుట్టించి, దాన్నుంచి కాపాడతానని తనే ముందుకొస్తుంది. వ్యాపారస్తుల దగ్గర రక్షణ మామూళ్లు వసూలు చేసే ముఠాలు చేసేదీ ఇదే కదా! తేడా ఒకటే. కొంగకి పద్దు పుస్తకం లేదు, మనుషుల్లేరు. పట్టుకెళ్లిన చేపని పట్టుకెళ్లినట్టే తినేసింది. ఎండ్రకాయ వంతు వచ్చింది, అది బండ మీద చేపల ఎముకలు చూసింది, మెడ పట్టుకుంది. అక్కడితో దుకాణం బంద్.

ఇక దమనకుడు. ఆ నక్కకి మాటలున్నాయి, గద్దె లేదు. సింహం పింగళకుడికి గద్దె ఉంది, మాటలు నమ్మే చెవులు తప్ప సొంత తెలివి లేదు. మిత్రభేదమంతా ఈ ఇద్దరి మధ్యా నడుస్తుంది, నడుమ పాపం ఎద్దు పోతుంది. ఇప్పటి సీరియళ్లలో జంతు డాన్ ఎవరయ్యా అంటే, సింహం గద్దె మీద కూర్చున్న దమనకుడు. నాలుకా అతనిదే, పంజా అతనిదే. పంజా వాడాల్సిన అవసరం రాకుండా చూసుకోవడంలోనే ఉంది అతని పనితనం.

మళ్లీ మన సొరచేప దగ్గరకొద్దాం, అసలు సరుకు ఇప్పుడే.

స్పైక్ ఏం చేశాడంటే, బఫీ బృందం ఉండే మ్యాజిక్ షాపుకి పరిగెత్తి, దాక్కోవడానికి చోటివ్వమని ఆ షాపు పెద్దాయన జైల్స్‌ని అడుగుతాడు. ఎవరూ గుర్తుపట్టకుండా ఎవరిదో ట్వీడ్ సూటు తగిలించుకుని వస్తాడు. అదే సమయంలో విల్లో అనే మంత్రగత్తె తన స్వార్థానికి ఒక మంత్రం వేస్తుంది. బఫీ, విల్లో ప్రియురాలు టారా, ఈ ఇద్దరి బుర్రల్లోంచీ కొన్ని జ్ఞాపకాలు మాత్రమే పోవాలి. మంత్రం గతి తప్పింది. గదిలో ఉన్నవాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోయారు, లేచేసరికి ఎవరికీ తమ పేరు కూడా గుర్తులేదు.

ఇక చూడండి. బఫీ తనకి తనే జోన్ అని పేరు పెట్టుకుంటుంది. స్పైక్ తన సూటు లోపల చూసుకుంటే "రాండీ" అని కుట్టుంది. సరే, నేను రాండీని అనుకుంటాడు. జైల్స్‌ది, ఇతనిది ఒకే రకం ఇంగ్లిష్ యాస. కాబట్టి తండ్రీకొడుకులం అయ్యుంటాం అనుకుని, అనుకున్న మరుక్షణం నుంచి తండ్రీకొడుకుల్లాగే పోట్లాడుకోవడం మొదలుపెడతారు.

అప్పుడు తలుపు దగ్గర సొరచేప మనుషులు. స్పైక్‌ని బయటికి పంపమని.

ఇది నాకు ఆ సీజన్లోనే గొప్ప క్షణం. లోపలున్నవాళ్లలో స్పైక్ ఎవరో ఒక్కరికీ తెలీదు. స్పైక్‌కే తెలీదు! అప్పు తీసుకున్న మనిషి ఇప్పుడు లోకంలో లేడు, ఆ ఒంట్లో రాండీ అనే అమాయకుడున్నాడు. స్నేహాలు పోయాయి, పగలు పోయాయి, ప్రేమలు పోయాయి, తాము పిశాచాల్ని వేటాడేవాళ్లమన్న సంగతే పోయింది. బాకీ మాత్రం పోలేదు. ఎందుకంటే బాకీ ఉండేది తీసుకున్నవాడి బుర్రలో కాదు, ఇచ్చినవాడి పద్దులో. మంత్రం అక్కడిదాకా వెళ్లలేదు.

[తెర మీద: వరసలు వరసలుగా పళ్లు]

సొరచేపకి ఒక పన్ను ఊడితే వెనక వరసలోంచి ఇంకోటి ముందుకు జరుగుతుంది. బతికినన్నాళ్లూ అదే వరస. ఇతని వస్తాదులూ అంతే. వాళ్లూ రక్తపిశాచులే. బఫీ కర్రతో పొడిస్తే బూడిదైపోతారు, ఆ స్థానంలోకి ఇంకొకడొస్తాడు. అందుకే ఇలాంటి పాత్రకి హీరో ఎంత బలవంతుడన్నది లెక్కలోకి రాదు. బఫీ అంతకుముందు సీజన్లో ఒక దేవతతోనే తలపడింది. ఈ సొరచేప ఆమెకో లెక్కా? కానీ రాసినవాళ్లకి ఇతనితో వేరే పనుంది. పెద్ద విలన్ లోకాన్ని అంతం చేస్తానంటాడు, అది మనకెవరికీ అనుభవంలో లేదు. ఇంటి ముందుకొచ్చి బాకీ అడిగితే ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. సొరచేప తల పెట్టినా ఆ సీను మనకి దగ్గరగా ఉండేది అందుకే.

ఇక ఈ జాతికి చక్రవర్తి, జబ్బా ద హట్. ఇతని గురించి మాట్లాడకపోతే కామెంట్లలో ఊరుకోరు. 1983లో "రిటర్న్ ఆఫ్ ద జెడై" అనే స్టార్ వార్స్ సినిమాలో కనిపించిన జబ్బా ఒక పేద్ద తోలుబొమ్మ. లోపల మనుషులు దూరి ఆడించారు. డేవిడ్ బార్క్లే ఒక చెయ్యి, టోబీ ఫిల్పాట్ ఇంకో చెయ్యి, తోకలో మైక్ ఎడ్మండ్స్. అంటే నక్షత్రాల మధ్య అతి పెద్ద ముఠా నాయకుడు నిజానికి ఒక తోలు సంచిలో చెమటలు కక్కుతున్న ముగ్గురు. కదలలేని బొమ్మ కాబట్టి కదలాల్సిన అవసరం లేని మనిషిగా రాశారా, లేక ముందే అలా అనుకుని బొమ్మ చేశారా అన్నది పక్కనపెట్టండి, ఫలితం మాత్రం అద్భుతం. అతను లేవడు, అందరూ అతని దగ్గరకి రావాల్సిందే. అక్కడా బాకీయే. హాన్ సోలో అనే దొంగరవాణావాడు జబ్బా కోసం మోస్తున్న సరుకుని తనిఖీ భయంతో పారేశాడు, ఆ నష్టం అతని నెత్తిన పడింది. అతను గడ్డకట్టి జబ్బా గోడకి అలంకారమవడం దాకా వచ్చింది ఆ పద్దే.

టీవీకి వస్తే, 2021 డిసెంబర్‌లో మొదలైన స్టార్ వార్స్ సీరియల్ "ద బుక్ ఆఫ్ బోబా ఫెట్"లో జబ్బా దాయాదులు ఇద్దరు, అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో, కవలలు, దిగుతారు. పల్లకీ మోసేవాళ్లు మోయలేక మోస్తుంటారు. ఆ ఇద్దరిలో మగ హట్ (హట్ అంటే జబ్బా జాతి పేరు) ఒక బొచ్చు జీవిని పట్టుకుని దాంతో మొహానికి పట్టిన చెమట తుడుచుకుంటాడు. ఆ జీవి బతికే ఉంది. ఆ ఒక్క చేష్టతో వాడెవడో మనకి అర్థమైపోతుంది, ఇంక ఏ డైలాగూ అక్కర్లేదు. ఆ తర్వాత సీరియల్ వాళ్లని పెద్దగా వాడుకోలేదు, నాకు అసలు కోపం అదే. జబ్బా వారసత్వం మాదేనని వచ్చినవాళ్లు అంత తేలిగ్గా సర్దుకుని వెళ్లిపోతారా? పద్దు తెరిచి చూపించకుండానే మూసేశారు.

ఇంకో రకం కూడా ఉంది, చిన్నగా చెప్తా. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన "డెడ్ బాయ్ డిటెక్టివ్స్"లో పిల్లుల రాజు. సోకులరాయుడు, మాట తేనె. ఒక పిల్లి మీద మంత్రం వాడినందుకు ఎడ్విన్ అనే కుర్రదెయ్యం చేతికి ఒక కడియం తగిలిస్తాడు. ఊళ్లో పిల్లులన్నిటినీ లెక్కపెట్టేదాకా పొలిమేర దాటడానికి లేదు. డబ్బు లేదు, దెబ్బ లేదు, లెక్క ఒక్కటే శిక్ష. పిల్లులు ఒకచోట నిలబడతాయా చెప్పండి! టీత్‌కి పిల్లులు రొక్కం, ఇతనికి పిల్లులు జైలు. ఈ రెండు సీరియళ్లనీ ఎవరైనా పక్కపక్కన పెట్టి చూశారో లేదో గానీ నాకు మాత్రం నవ్వాగలేదు.

[తెర మీద: మళ్లీ ఖాళీ కాగితం. పెన్సిల్.]

సరే, జలగ దగ్గరకి వద్దామన్నాను కదా. ఈ వీడియో కోసం రెండు సాయంత్రాలు కూర్చుని తెలుగు టీత్‌ని గీద్దామని చూశా. మొదటి చిక్కు, జలగకి భుజాల్లేవు, కోటు నిలవదు. రెండో చిక్కు, దానికి రెండు కొసల్లోనూ పట్టుకునే నోళ్లలాంటివి ఉంటాయి. ఏది తల అని చూసేవాడికి తెలియాలంటే టోపీ పెట్టాలి. పెట్టా. బాగానే ఉంది.

మూడోది మాత్రం గీతతో తెగేది కాదు. జలగ కడుపు నిండగానే తనంతట తనే ఊడి పడిపోతుంది. వడ్డీ వ్యాపారిగా వేస్తే వాడు ఆ పని ఎందుకు చేస్తాడు? టోపీ తీసేసి, దాన్ని మామూలు జలగలాగే వదిలేశా. కోటు ఇంకా ఖాళీగానే ఉంది.