ఎపిసోడ్ 31: అడవిలో ఒక ఎండాకాలం

అల్లుడు: ఆ, వస్తోంది, గీత కదులుతోంది. మామా, ఈసారి మైకు నోట్లో పెట్టుకోవద్దు.

మామ: పోయినసారి నేను పెట్టుకోలేదు, అదే నా మీదికి వచ్చింది.

అల్లుడు: సరే. అందరికీ నమస్కారం, మిద్దె మీద నుంచి మళ్ళీ మేమే. టార్చిలైటు సంగతి ఏమైందని అడిగినవాళ్ళకు ఒకటే జవాబు, దొరకలేదు.

మామ: నా దగ్గర లేదు.

అల్లుడు: నిన్నెవరు అడిగారు ఇప్పుడు? ఈరోజు విషయం ఏమంటే, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు కొందరు మెసేజ్ పెట్టారు. ఎండాకాలం ఫైర్ వాచర్‌గా పోతే ఎట్లుంటుంది, ఏం పట్టుకుపోవాలి, భయం వేస్తుందా అని. నేను పోయిన ఏడాది ఫిబ్రవరి నుంచి మే ఆఖరుదాకా మన కడప జిల్లా లంకమల అడవిలో ఆ పని చేశాను కాబట్టి...

మామ: లంకమల అన్నాక ముందు కలివికోడి, ఆ అరుదైన పిట్ట సంగతి చెప్పాలి.

అల్లుడు: చెప్పం.

మామ: నేను చూసినాను.

అల్లుడు: నువ్వు చూసింది తీతువు. ఇది ఐదో ఎపిసోడ్‌లోనే తేలిపోయింది మామా.

మామ: తేలలేదు, నువ్వు రికార్డింగ్ ఆపేశావు.

అల్లుడు: (నవ్వు) సరే, పని గురించి. ఫైర్ వాచర్ అంటే అందరూ మంటలోకి దూకి ఆర్పేవాడు అనుకుంటారు. నాలుగు నెలల్లో నేను ఎక్కువగా చేసింది ఊడ్వడం. నిజంగా, ఆకులు ఊడ్వడం. అడవిలో ఎడ్లబండి పోయేంత వెడల్పు దారులు ఉంటాయి, వాటినే ఫైర్ లైన్లు అంటారు. జనవరి, ఫిబ్రవరికల్లా తునికి, చిరుమాను, ఎర్రచందనం అన్నీ ఆకు రాల్చేస్తాయి. ఆ లైన్ల మీద ఆకు, గడ్డి లేకుండా గీకి శుభ్రం చేస్తే మంట అక్కడిదాకా వచ్చి తినడానికి ఏమీ లేక ఆగుతుంది. మనం ఇవాళ ఊడుస్తామా, రేపు గాలి వస్తుందా, మళ్ళీ మొదటికే. మా అమ్మ వాకిలి ఊడ్చేటప్పుడు ఎందుకు తిట్టుకుంటుందో నాకు అక్కడ తెలిసొచ్చింది.

మామ: మా అక్క తిట్టుకోదు.

అల్లుడు: నువ్వు లేనప్పుడు తిట్టుకుంటుంది. ఇంకోటి, శివరాత్రి. లంకమల్లేశ్వరుడికి, నిత్యపూజ కోనకు జనం వస్తారు, సరిగ్గా అడవి ఎండిన సమయానికి. దారి పొడవునా మూడు రాళ్ళ పొయ్యిలే. మేము వెనకాలే బిందెలతో నీళ్ళు పోసుకుంటూ పోవాలి. దేవుడి దగ్గరికి వచ్చినవాళ్ళను ఏమన్నా అంటే పాపం, అనకపోతే కొండ పోతుంది.

మామ: అది మాత్రం నిజమే.

అల్లుడు: తిండి గురించి కూడా అడిగారు. సంగటి, ఊరిబిండి, చెనిక్కాయలు. ఉగాదికి ఒకసారి ఓళిగలు వచ్చాయి ఇంటినుంచి, నాకు దక్కింది ఒక్కటే. ఇక అసలు మంటలు ఎందుకు వస్తాయంటే, మన దగ్గర తమంతట తాము అంటుకునేవి దాదాపు లేవు. బీడీ ముక్క, తేనె తీసేవాళ్ళ పొగ, పొయ్యి సరిగ్గా ఆర్పకపోవడం, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, ఇంకా కొత్త గడ్డి కోసం గొర్రెలవాళ్ళు...

మామ: ఆగు.

అల్లుడు: మామా.

మామ: ఆగమంటున్నా కదా. గొర్రెలవాళ్ళు ఏం చేశారు?

అల్లుడు: నేను అందరినీ అనలేదు.

మామ: అన్నావు. మా నాయన అరవై ఏళ్ళు ఆ కొండల్లో గొర్రెలు కాసినాడు. ఆయన మనవడివి నువ్వు, ఆయన సంపాదనతో మీ అమ్మ పెళ్ళి జరిగింది. ఇప్పుడు నాలుగు నెలలు చీపురు పట్టుకున్నావని గొర్రెలవాడు అడివి కాల్చినాడని మైకులో చెబుతావా?

అల్లుడు: తాత కాల్చలేదా మరి? నువ్వే చెప్పావు కదా, గడ్డి కాల్చేవాళ్ళమని.

మామ: కాల్చినాడు, ఎందుకు కాల్చలేదు? ఎప్పుడు కాల్చినాడో అది చెప్పు. సంక్రాంతికి ముందు, మంచు పడుతుంటే, గడ్డి సగం పచ్చి సగం ఎండు ఉన్నప్పుడు. పొద్దున్నే చిన్న చిన్న మడులుగా అంటిస్తారు, అది బద్ధకంగా కొంచెం దూరం పాకి ఆరిపోతుంది. పిడుదులు చస్తాయి, వారం పది రోజులకు చిగురు వస్తుంది. మళ్ళీ మార్చిలో ఎవడన్నా బీడీ పడేసినా కాలిన చోటు ఇంకోసారి కాలదు. దాన్నే ఇప్పుడు మీ సార్లు ఏదో పేరు పెట్టి చేస్తున్నారు కదా.

అల్లుడు: కంట్రోల్ బర్నింగ్.

మామ: ఆ. వాళ్ళు చేస్తే కంట్రోలు, మేము చేస్తే కేసు.

అల్లుడు: (కొంచెంసేపు ఆగి) అది మంచి మాటే మామా, కాదనను. లైన్ల పక్కన సీజన్‌కు ముందే మేము చేసేది అచ్చం నువ్వు చెప్పినట్లే, మంచు ఆరకముందే. కానీ తాత రోజుల్లో మంద వెంబడి మనుషులు ముగ్గురు నలుగురు ఉండేవాళ్ళు, అంటించిన మంట పక్కనే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు మందకు ఒక్క ముసలాయన. పిల్లలంతా కువైట్‌లో. ఆయన అంటించి, ఆరిందో లేదో చూసుకునే ఓపిక ఎక్కడిది?

మామ: అది గొర్రెలవాడి తప్పా?

అల్లుడు: తప్పని అనలేదు. నిప్పుకు కారణాలతో పని లేదు కదా అంటున్నా. పైగా రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 చట్టం ప్రకారం నేరం, ఏ నెలలో పెట్టినా సరే.

మామ: చట్టం రాసినవాడు ఎప్పుడన్నా గొర్రెకు గడ్డి వేసినాడా?

అల్లుడు: వెయ్యలేదులే.

మామ: పోనీ ఎర్రచందనం కొట్టేవాళ్ళు రాత్రిపూట వండుకోరా లోపల? వాళ్ళను అనవేం?

అల్లుడు: అంటాను, నువ్వు చెప్పనిస్తే కదా! జాబితాలో వాళ్ళు తర్వాత ఉన్నారు.

మామ: ముందు గొర్రెలవాడు, తర్వాత దొంగ. బాగుంది జాబితా.

అల్లుడు: (నవ్వు) నువ్వు మామూలోడివి కాదు.

మామ: ఒక పిట్ట ఉందని తెలుగుగంగ కాలువ దారినే మార్చినారు. మార్చినారా లేదా? గొర్రెలవాడి కోసం ఒక్క గేటన్నా తీసినారా?

అల్లుడు: వచ్చిందిరా పిట్ట! అనుకుంటూనే ఉన్నా.

మామ: వస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేసినారు. 1986లో మన రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పట్టుకున్నది పెద్ద చదువు చదివినాయన కాదు, ఊరి మనిషి. రాత్రిపూట టార్చి కొట్టి పట్టుకున్నాడు. అది బతకలేదు పాపం, అయినా దాని పుణ్యాన 1988లో అభయారణ్యం వచ్చింది, నీకు ఉద్యోగం వచ్చింది.

అల్లుడు: నాలుగు నెలల దినకూలీ అది, ఉద్యోగం అనకు. సరే, ఒక్క ప్రశ్న. నువ్వు చూసిన రాత్రి అది అరిచిందా?

మామ: అరిచింది. అర్ధరాత్రి.

అల్లుడు: దొరికావు. కలివికోడి పొద్దు మునిగి చీకటి పడే వేళ కాసేపు అరుస్తుంది, రెండే రెండు స్వరాలు, తర్వాత గమ్మునుంటుంది. అర్ధరాత్రి నీ చెనక్కాయ చేలో గొంతు చించుకున్నది తీతువే.

మామ: ఆ రోజు దానికి నిద్రపట్టలేదేమో.

అల్లుడు: (పెద్దగా నవ్వు) అదీ సంగతి. మామా, ఒక్క మంట గురించన్నా చెప్పనీ. దానికోసమే కదా వింటున్నారు. ఏప్రిల్‌లో, ఎండ మాడుస్తోంది, రాయి మీద కాలు పెడితే బూటు అడుగు ఊడి వచ్చింది. మామూలుగా ఏం జరుగుతుందంటే, ఉపగ్రహం పైనుంచి వేడి చూసి పసిగడుతుంది, డెహ్రాడూన్‌లో ఉన్న ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఆ పాయింటును మెసేజ్‌గా పంపిస్తారు. అది రేంజ్, సెక్షన్, బీట్ అని అటవీశాఖ మెట్లు ఒక్కొక్కటీ దిగి మా గ్రూపులోకి వస్తుంది. మా క్యాంపులో సిగ్నల్ లేదు. రోజుకు రెండుసార్లు పెద్ద రాతిగుండు ఎక్కి ఫోన్ చూసుకోవాలి. పాయింట్ అంటే చుక్క కూడా కాదు, 375 మీటర్ల గడి, దాంట్లో ఎక్కడైనా ఉండొచ్చు. ఆరోజు మెసేజ్ కంటే ముందు పొగే కనపడింది.

మామ: పొగ చూడడానికి ఉపగ్రహం ఎందుకు?

అల్లుడు: కొండకు అవతలి పక్క అంటుకుంటే నీకు కనపడుతుందా? సరే, ఐదుగురం బయల్దేరాం. రెండు గంటల నడక. పోగానే ఆర్పడం మొదలుపెట్టకూడదు, అది నేర్చుకున్న మొదటి సంగతి. మంట ఎత్తుకు ఎక్కేటప్పుడు పరుగెత్తుతుంది, దిగేటప్పుడు కుంటుతుంది. అందుకే దానికి పైన నిలబడకూడదు. పొద్దు వాలి గాలి తగ్గేదాకా ఆగి, లైన్ దగ్గర్నుంచి మేమే ఎదురుమంట పెట్టాం. రెండు మంటలు ఒకదానికొకటి ఎదురొచ్చి కలిసినప్పుడు ఒక శబ్దం వస్తుంది మామా, పెద్ద మనిషి ఊపిరి పీల్చినట్లు. తర్వాత పచ్చి కొమ్మలతో అంచులు కొట్టుకుంటూ పోవడమే. ఒక ఎండు మొద్దు కాలుతూ దొర్లి లైన్ దాటి కిందికి పోయింది, దాని వెనక ఇద్దరం పరుగు. తెల్లవారుజామున నాలుగైంది.

మామ: ఇది నాకు చెప్పలేదే.

అల్లుడు: చెప్పలేదు. పొద్దున మొదలైన చోటు వెతికాం. బండ కింద మూడు రాళ్ళు, టీ కాచుకున్న సత్తు గిన్నె. నీళ్ళు పోసి ఆర్పినట్లే ఉంది పాపం, కానీ పక్కన ఎండు మొద్దులోకి నిప్పు దూరింది. అట్లాంటిది లోపల్లోపల రోజులకొద్దీ రగులుతుంది. పక్కనే ఒక టైరు చెప్పు. దాని పట్టీ తెగి ఉంటే నీలం వైరుతో కట్టి ఉంది.

మామ: ...నీలం వైరా?

అల్లుడు: ఆ.

మామ: రెండు చుట్లు చుట్టి?

అల్లుడు: పేరు చెప్పొద్దు మామా. రికార్డు అవుతోంది.

మామ: సార్లకు చూపించావా?

అల్లుడు: సంచిలో వేసుకున్నా.

(కొంతసేపు మాట లేదు. కింద మేక అరుపు.)

మామ: కావాలని చేసే మనిషి కాదు.

అల్లుడు: కాదు. నాకూ తెలుసు. నీళ్ళు పోసినాడు కూడా.

మామ: మోకాళ్ళు లేవు ఆయనకు, వంగి చూడలేడు... ఇది కట్ చేస్తావా?

అల్లుడు: చూస్తా.

మామ: చూస్తా కాదు.

అల్లుడు: చూస్తా మామా. సరే, పిల్లలు అడిగినవి గబగబా. ఏం పట్టుకుపోవాలంటే, గట్టి బూట్లు, నూలు బట్టలు, నైలాన్ వద్దు, మంట దగ్గర ఒంటికి అంటుకుంటుంది. మీద కప్పుకోవడానికి పెద్ద తువ్వాలు. భయం? ఎలుగుబంటి అంటే ఉంది, చీకట్లో మాట్లాడుకుంటూ నడవండి, చాలు. కూలి ఆలస్యంగా వస్తుంది, మాది జూలైలో పడింది, ఏ ఆఫీసు అని అడగొద్దు. రెండు నెలల ఖర్చు దగ్గర పెట్టుకుని పోండి.

మామ: ఆ చెప్పు ఇంకా ఉందా?

అల్లుడు: ఉంది. సంచి అటక మీద ఉంది.

మామ: ఇవ్వు, నేను ఇచ్చొస్తా.

అల్లుడు: ఏమని ఇస్తావు? ఎక్కడ దొరికిందని అడిగితే?

మామ: కొండలో దొరికిందంటా. అంతకంటే ఏం... ఏయ్, ఆ శబ్దం విన్నావా? మోటారు. త్రీఫేజ్ వచ్చింది, మడికి నీళ్ళు మళ్ళించాలి.

అల్లుడు: మామా, ఇంకా రెండు ప్రశ్నలు ఉన్నాయి.

మామ: నువ్వు చెప్పు. నేను పోవాలి, కాలువ తెగితే పక్క చేనివాడు గొడవకొస్తాడు.

అల్లుడు: ఒక్కడినే ఏం చెప్పాలి... మైకు తీగ, మామా, తీగ! కాలికి చుట్టుకుం