నిరసన, నోటీసు, లాఠీ

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుపతి మున్సిపల్ కార్పొరేషన్ కార్యాలయం ముందో, ఆర్డీవో కార్యాలయం దగ్గరో, చిత్తూరు కలెక్టరేట్ గేటు వద్దో తరచూ ఒక షామియానా, నాలుగు ప్లకార్డులు, ఒక మైకు కనిపిస్తూనే ఉంటాయి. బకాయి జీతాల కోసం పారిశుద్ధ్య కార్మికులు, ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం విద్యార్థులు, వేతనాల పెంపు కోసం అంగన్‌వాడీ కార్యకర్తలు, తోతాపురికి గిట్టుబాటు ధర కోసం మామిడి రైతులు అక్కడ కూర్చుంటారు. కాస్త దూరంలో పోలీసు జీపు, దాని పక్కన కొందరు కానిస్టేబుళ్లు ఉంటారు. ఈ రెండు వర్గాలూ పరస్పరం ఎలా నడుచుకోవాలని చట్టం చెబుతోంది, ఆచరణలో అది ఎక్కడ గాడి తప్పుతోంది అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ఇచ్చింది. ప్రదర్శన కూడా భావప్రకటనలో ఒక రూపమేనని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో అంగీకరించింది. శాంతిభద్రతల కోసం, దేశ సార్వభౌమత్వం, సమగ్రతల కోసం ఈ హక్కుపై సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని అదే అధికరణం చెబుతుంది. అయితే పెట్టిన ఆంక్ష సహేతుకమా కాదా అని చివరకు తేల్చేది న్యాయస్థానమే. న్యాయస్థానం పరిశీలించాలంటే దాని ముందు ఒక ఉత్తర్వు ఉండాలి, ఆ ఉత్తర్వులో కారణాలు ఉండాలి. మన ప్రాంతంలో పోలీసు ఆంక్షలకు కొరవడుతున్నది సరిగ్గా ఆ కాగితమేనని నా అభిప్రాయం.

పట్టణంలో ఏదైనా ఆందోళన జరగబోతోందంటే ‘సెక్షన్ 30 అమల్లో ఉంది, సభలకూ ర్యాలీలకూ అనుమతి లేదు’ అన్న పోలీసు ప్రకటన పత్రికల్లో చూస్తుంటాం. ఇది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. ఆంగ్లేయులు రాసిన ఆ చట్టం కూడా ఊరేగింపులను నిషేధించమని చెప్పలేదు. ఏ దారిలో వెళ్లాలో, ఏ వేళకు వెళ్లాలో నిర్దేశించే అధికారం ఇచ్చింది. ఊరేగింపు అదుపు లేకుండా సాగితే శాంతిభంగం కలుగుతుందని అధికారి భావిస్తే, నిర్వాహకులు ముందుగా లైసెన్సు తీసుకోవాలని నోటీసు ఇవ్వవచ్చని, ఆ లైసెన్సుకు షరతులు జోడించవచ్చని పేర్కొంది. అంటే ఆ సెక్షన్ ఊరేగింపును నడిపించడానికి పుట్టిందే తప్ప ఆపేయడానికి కాదు. వీధుల్లో సభలను ప్రభుత్వం నియంత్రించవచ్చు గాని మొత్తంగా మూసివేయరాదని సుప్రీంకోర్టు 1972లో, అహ్మదాబాద్ పోలీసు కమిషనర్‌పై హిమత్‌లాల్ షా వేసిన కేసులో చెప్పింది.

అర్ధ శతాబ్దం తరువాత ఆ తీర్పు మన రాష్ట్రానికే అవసరపడింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరునాడే రహదారులపై సభలను, ర్యాలీలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 వెలువడింది. ఆ వారంలోనే అప్పటి ప్రతిపక్ష నాయకుని కుప్పం పర్యటనకు పోలీసులు ఆ జీవో పేరు చెప్పి అడ్డుపడ్డారు. పదకొండు మంది చనిపోయిన తరువాత ప్రభుత్వం ఏదో ఒకటి చేయాలనుకోవడం సహజమే. కానీ ఇరుకు సందులో వేలాది మందిని నిలబెట్టకుండా చూడడం వేరు, రహదారిపై సభ అన్నదే లేకుండా చేయడం వేరు. రాష్ట్ర హైకోర్టు 2023 మే 12న ఆ జీవోను కొట్టివేసింది. పాలించే పార్టీ మారినంత మాత్రాన ఈ ధోరణి పూర్తిగా మారుతుందని అనుకోనక్కరలేదు. తోతాపురి ధర పడిపోయిన 2025లో, జూలై 9న జరిగిన వైకాపా అధినేత జగన్ బంగారుపాళ్యం మార్కెట్ యార్డు పర్యటనకు 500 మందికి మించి రాకూడదని పోలీసులు షరతు విధించారు. అప్పటికి ప్రభుత్వమూ మారింది, ప్రతిపక్షమూ మారింది.

తిరుపతికి మరొక ప్రత్యేకత ఉంది. ఈ ఊరికి ప్రముఖుడు రాని వారం అరుదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, వేసవి సెలవుల రద్దీ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. జనసమూహాన్ని సరిగా నడపకపోతే ఏం జరుగుతుందో 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడ వద్ద వేచి ఉన్నవారిలో తొక్కిసలాట జరిగినప్పుడు చూశాం. ఆ రోజు ఆరుగురు భక్తులు చనిపోయారు. అందువల్ల రద్దీ గురించి పోలీసులు చెప్పే మాటను కొట్టిపారేయలేం. అలాగని రద్దీనే కారణంగా అంగీకరిస్తే, ఏడాది పొడవునా ఏదో ఒక రద్దీ ఉండే ఈ ఊరిలో నిరసనకు తగిన రోజంటూ ఎన్నటికీ రాదు. పూర్వం 144వ సెక్షన్ అని మనమంతా పిలిచిన నిషేధాజ్ఞ 2024 జూలై 1 నుంచి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయింది. అటువంటి ఆజ్ఞ మామూలుగా రెండు నెలలకు మించి చెల్లదు. న్యాయసమ్మతమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి దాన్ని వాడరాదని, మళ్లీ మళ్లీ అదే ఆజ్ఞ జారీ చేస్తూ పోవడం అధికార దుర్వినియోగమని, ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో స్పష్టం చేసింది.

ఇదంతా వీధిలోకి వచ్చిన నిరసన గురించి. మన రాష్ట్రంలో చాలా నిరసనలు వీధిదాకా రానేరావు, గడప దగ్గరే ఆగిపోతాయి. 2022 ఫిబ్రవరిలో ఉద్యోగులు, 2024 జనవరిలో అంగన్‌వాడీ కార్యకర్తలు చలో విజయవాడ పిలుపు ఇచ్చినప్పుడు ఏం జరిగిందో చాలా మందికి గుర్తుండే ఉంటుంది. ఇటువంటి సందర్భాల్లో తెల్లవారుజామునే తలుపు తట్టే చప్పుడు వినిపిస్తుంది. బయట ఒక మహిళా కానిస్టేబులు, ఒక హోంగార్డు నిలబడి ఉంటారు. ‘అక్కా, ఈపొద్దు మీరు యాడికీ పోవద్దంట, సీఐ సారు చెప్పినాడు’ అంటుంది ఆమె. ‘కాగితమేమన్నా ఉందామ్మా?’ అని ఇంటావిడ అడుగుతుంది. ‘కాగితం లేదక్కా, ఫోన్లో చెప్పినారు.’ ఇక ఆ కానిస్టేబులు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటుంది. ఇంటివాళ్లే ఆమెకు కాఫీ ఇస్తారు. ఇంటావిడ పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి అంగడికి బయలుదేరినా ఆమె లేచి వెంట నడుస్తుంది.

దీన్ని గృహ నిర్బంధం అంటున్నాం గాని, పోలీసులు తమంతట తాము ఇలా ఇంట్లో నిర్బంధించడానికి చట్టంలో సెక్షన్ ఏదీ లేదు. తగిన కేసుల్లో గృహ నిర్బంధానికి ఆదేశించే అధికారం న్యాయస్థానానికి ఉందని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ అధికారం పోలీస్ స్టేషన్‌కు సంక్రమించదు. పోలీసులు సాధారణంగా ఆశ్రయించేది సురక్షా సంహితలోని 168, 170 సెక్షన్లను. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం, జరగకుండా పోలీసులు అడ్డుకోవచ్చని మొదటిది చెబుతుంది. అటువంటి నేరానికి పథకం సిద్ధమైందని తెలిసి, దాన్ని ఆపడానికి మరో మార్గం లేదని తోచినప్పుడు మాత్రమే ముందస్తుగా అరెస్టు చేయవచ్చని రెండోది చెబుతుంది. ఆ అరెస్టు కూడా 24 గంటలకు మించకూడదు. జీతం పెంచమని ధర్నాలో కూర్చోవడానికి బస్సు ఎక్కబోతున్న మహిళ ఏ నేరానికి పథకం వేసిందో ఆ కానిస్టేబులు చెప్పలేదు. ఆమెను పంపిన అధికారికైనా చెప్పడం కష్టమే. నిజానికి రాతపూర్వకమైన ఉత్తర్వు ఆ కానిస్టేబులుకు కూడా రక్షణే. రేపు హైకోర్టులో ఎవరైనా రిట్ వేస్తే, ఫోనులో చెప్పిన మాట నిలబడదు, వరండాలో కూర్చున్న మనిషి పేరు మాత్రం నిలుస్తుంది.

ఇక బలప్రయోగం సంగతి. చట్టవిరుద్ధంగా గుమిగూడిన జనాన్ని చెదరగొట్టే అధికారం సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు, అంటే మన మండలాల్లో తహసీల్దారు వంటి అధికారికి ఉంటుంది. ఠాణా అధికారికీ ఉంటుంది. ఆయన లేనప్పుడు ఎస్సై స్థాయికి తగ్గని అధికారికి ఉంటుంది. మొదట చెదిరిపొమ్మని ఆదేశించాలి. ఆదేశం విన్నాక కూడా కదలనప్పుడు, లేదా కదలబోమని వారి ప్రవర్తనే చాటుతున్నప్పుడు మాత్రమే బలం వాడాలి. అది కూడా చెదరగొట్టడానికి సరిపడినంతే. శిక్షించడం పోలీసుల పని కాదు. పారిపోతున్న కుర్రవాడిని సందులోకి తరిమి కొట్టిన దెబ్బకు ఈ సెక్షన్ రక్షణ ఇవ్వదు. తల మీద పడిన దెబ్బకు సంజాయిషీ చెప్పుకోవడం మరీ కష్టం. 2011 జూన్ 4 అర్ధరాత్రి ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిరసన దీక్షకు వచ్చి నిద్రిస్తున్న వేలాది మందిపై పోలీసులు విరుచుకుపడిన ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. చెదిరిపోవడానికి తగిన సమయం, తగిన హెచ్చరిక ఇవ్వలేదని 2012 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. ఆ ఘటనలో గాయపడి మరణించిన మహిళ కుటుంబానికి అయిదు లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పి, పరిహారంలో 25 శాతం నిర్వాహక సంస్థ కూడా భరించాలని ఆదేశించింది.

ఆ 25 శాతాన్ని నిర్వాహకులు మరిచిపోరాదు. రాయి విసిరిన క్షణంలో శాంతియుత సమావేశపు రక్షణ తొలగిపోతుంది. 2023 ఆగస్టు 4న పుంగనూరులో జరిగిన ఘర్షణలో పలువురు పోలీసులు గాయపడ్డారు. ప్రజల రాకపోకలకు ఉద్దేశించిన దారిని నిరవధికంగా ఆక్రమించరాదని షాహీన్‌బాగ్ తీర్పులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. రుయాకూ స్విమ్స్‌కూ వెళ్లే అంబులెన్సులు తిరిగే దారిలో బైఠాయించేవారు ఒక పక్కైనా తెరిచి ఉంచితే, వారిని లేపేయడానికి పోలీసులకు ఉన్న బలమైన కారణం ఒకటి తగ్గుతుంది.

అనుమతి కోసం దరఖాస్తు చేసేవారు రోజు, వేళ, దారి, సుమారుగా వచ్చే జనం, బాధ్యత వహించేవారి పేర్లు రాసి, నకలు మీద ఠాణా ముద్ర, తేదీ వేయించుకోవాలి. తిరస్కరిస్తే కారణాలు రాసి ఇమ్మని మరో దరఖాస్తు పెట్టాలి. ఈ రెండు కాగితాలు ఉంటే హైకోర్టులో న్యాయవాది పని సగం తేలికవుతుంది.

అరెస్టు చేసే అధికారి ఛాతీపై పేరు స్పష్టంగా కనిపించాలి. అరెస్టు మెమో రాసి, కుటుంబసభ్యునితో గాని ఆ ప్రాంతంలోని గౌరవనీయుడైన వ్యక్తితో గాని సాక్షి సంతకం చేయించాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన ఈ నియమాలు ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు మహిళలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప అరెస్టు చేయరాదు. అటువంటి పరిస్థితిలో కూడా మహిళా పోలీసు అధికారే మేజిస్ట్రేటు నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. దెబ్బలు తగిలినవారు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అవి ఎలా తగిలాయో వైద్యుని చేత రాయించుకోవాలి. మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచినప్పుడు ఆ దెబ్బలను నోరు తెరిచి చెప్పాలి. పోలీసులు పక్కనే నిలబడి ఉన్నారని మొహమాటపడితే ఆ విషయం రికార్డులోకి ఎక్కదు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోను నంబరు 15100.

నమస్కారం.