సజ్జ మీద ఏడు డబ్బాలు: ఇంట్లో సౌండ్ సిస్టమ్ మార్చుడు ఎక్కడ ఆపాలి?

[సజ్జ మీదికి కెమెరా. దుమ్ము పట్టిన అట్ట డబ్బాలు.]

నమస్తే. ముందు ఇది చూడండి. హన్మకొండలో మా ఇల్లు, మా సజ్జ, దాని మీద ఏడు ఖాళీ డబ్బాలు. సెకండ్ హ్యాండ్‌లో ఏది అమ్మబోయినా అవతలివాళ్లు మొదట అడిగేది "బాక్స్ ఉందా అన్నా" అనే, అందుకని ఒక్కటీ పారేయకుండా దాచాను. తీరా బేరం కుదిరాక బండి మీద పట్టదని డబ్బా ఇక్కడే వదిలేసి, సామాను ఒళ్లో పెట్టుకుని పోయారు. తొమ్మిదేళ్లలో ఏడుసార్లు. మా ఇంటావిడ అంటుంది, "ఆ డబ్బాలు పైన ఉన్నన్ని రోజులు నీ కొనుడు ఆగదు" అని.

కొత్త ఆంప్లిఫయర్ వచ్చిన పదిహేను రోజులు ఇంట్లో పండగే. పదహారో రోజు ఏదో పాటలో ఒకచోట గొంతు కాస్త గీరినట్టు అనిపిస్తుంది, ఇక మనసు అక్కడే పడి ఉంటుంది, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో రివ్యూలు, తెల్లారేసరికి "డీఏసీ మారిస్తే పోతుందేమో". డీఏసీ అంటే ఫోన్‌లోని డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చే డబ్బా. ఈ జబ్బు మీకూ ఉంటే కూర్చోండి.

[హాల్ మధ్యలో నిలబడి ఒక చప్పట.]

విన్నారా? టప్పుమని ఆగిపోలేదు, వెనకాల 'ట్రింగ్' అని ఒక తోక వచ్చింది. కింద కరీంనగర్ గ్రానైట్, పైన స్లాబ్, చుట్టూ పుట్టీ పెట్టిన గోడలు, ఇటు అద్దాల షోకేస్. మన దగ్గర కొత్త ఇళ్ల హాళ్లు చాలావరకు ఇంతే, తుడిస్తే తళతళ మెరుస్తాయి, పాట పెడితే మాత్రం అది ప్రతి గోడకూ తగిలి తిరిగొస్తుంది. నేను ఇన్నేళ్లూ ఆంప్లిఫయర్‌ను తిట్టుకున్న ఆ గీరుడు ఎక్కువగా ఇక్కడిదే.

కొత్తవాడకు పోయి ఒక జంపఖానా తెచ్చాను, మందంగా నేసిన నూలుది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, మనం మాత్రం వాటిని చుట్టాలొస్తే తప్ప బీరువా మీది నుంచి దించం. దాన్ని స్పీకర్లకూ దివాన్‌కూ మధ్య పరిచాను, షోకేస్ అద్దాలకు దళసరి కర్టెన్ వేశాను. [మళ్లీ చప్పట.] తోక సగానికి సగం పోయింది. ఆ రోజు విన్న మొదటి పాటకే నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఈ రెండింటికీ అయిన ఖర్చు నేను అంతకుముందు కొన్న ఒక కేబుల్ ఖర్చు కంటే తక్కువ.

అయితే జంపఖానా పనిచేసేది సన్నటి పై శబ్దాలకే, బేస్, అంటే లోతు శబ్దం, దాన్ని లెక్కచేయదు. బేస్ గది కొలతను బట్టి నడుస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మా హాల్ పొడవు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. దాన్ని రెట్టింపు చేసి, 343ని దానితో భాగిస్తే 47 వస్తుంది. అంటే 47 హెర్ట్జ్ దగ్గర, సెకనుకు 47 సార్లు కంపించే శబ్దం దగ్గర, మా గది తనంతట తాను గుంయ్‌మంటుంది, అందులో ఏ కంపెనీ స్పీకర్ పెట్టినా సరే. బతుకమ్మ డీజే పాటల్లో దెబ్బ పడి ఆగిపోయాక కూడా బూమ్మని మిగిలేది అదే. దానికి నేనేం చేశాను? సబ్‌వూఫర్ మార్చాను. మార్చాల్సింది దివాన్ ఉన్న చోటు. గోడను ఆనుకుని కూర్చుంటే ఈ బేస్ అంతా తలకాయ దగ్గరే పోగవుతుంది. దివాన్‌ను అడుగున్నర ముందుకు జరిపాం, స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగాం, వాటి ట్వీటర్లు, అంటే పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టాం. ఊడ్వడానికి అడ్డమని రెండు రోజులు మాటలు పడ్డాను, అది వేరే సంగతి.

ఇక వాట్లు. డబ్బా మీద 5000 వాట్స్ పీఎంపీఓ అని రాసి ఉంటే ఆ డబ్బా అక్కడే పెట్టి బయటికి రండి. ఆ లెక్కకు ఒక పద్ధతంటూ లేదు, చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్. స్పీకర్‌తో వచ్చే కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. నా బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు 87 డెసిబెల్స్, అంటే ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో 87. మా దివాన్ ఎనిమిదిన్నర అడుగుల దూరంలో ఉంది, అంత దూరం వచ్చేసరికి కొంత తగ్గుతుంది, స్పీకర్లు రెండు కాబట్టి కొంత పెరుగుతుంది, అటూ ఇటూ పోను 80 దాటుతుంది. ఒక్కో స్పీకర్‌కు ఒక్క వాట్‌తో! మనం మామూలుగా మాట్లాడుకునే గొంతు 60 దగ్గర ఉంటుంది. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపైనట్టు అనిపించాలంటే పదింతలు కావాలి. 50 వాట్లది అమ్మి 100 వాట్లది కొన్నవాడికి దక్కేది ఆ మూడే. కొన్నవాడు ఎవడో కాదు, నేనే.

[బామ్మర్ది ఫ్రేమ్‌లోకి వచ్చి చేయి ఊపుతాడు.]

వీడు మా బామ్మర్ది. పోయిన దసరాకు వచ్చి "బావా, గంత తేడా తెలుస్తే కండ్లు మూసుకొని చెప్పు చూద్దాం" అన్నాడు. ఒకపక్క నా ఖరీదైన డీఏసీ, ఇంకోపక్క అదే పని చేసే, ఫోన్‌కు పెట్టుకునే చిన్న డాంగిల్. కొంచెం గట్టిగా మోగేదే మనకు మంచిదిగా వినిపిస్తుంది, షాపుల్లో పడిపోయేది అక్కడే. అందుకని స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టి రెండింటికీ ఒకే వోల్టేజ్ వచ్చేలా సరిచేశాం. వాడు మారుస్తుంటే పన్నెండుసార్లు చెప్పాను. ఐదు కరెక్ట్. బొమ్మా బొరుసూ వేసుకున్నా ఆరు వచ్చేవి. మీ దగ్గర రెండున్నా ఇలా ఒకసారి చేసి చూడండి, పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అదే రోజు టోన్ టెస్ట్ కూడా పెట్టాం. మా అమ్మాయికి 16,000 హెర్ట్జ్ వినిపించింది, నాకు 13,000 దగ్గరే నిశ్శబ్దం. నాకు నలభై ఆరు, వయసుతో పాటు పై శబ్దాలు పోవడం మామూలే. 1982లో వచ్చిన సీడీయే 20,000 దాకా ఇస్తుంది, నాకు వినపడనిదాని కోసం నేను సీడీ కంటే ఎక్కువ వివరం ఉండే హై రిజల్యూషన్ ఫైళ్లు కొన్నాను. పైగా నేను వినేవి సగం పాత సినిమా పాటలు, మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, రికార్డ్ చేసినవి. అందులో లేనిది స్పీకర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

మరి ఆఖరిది అని కొనేటప్పుడు ఏం చూడాలి? నా వరకు ఒక్కటే, పదేళ్ల తర్వాత మన ఊళ్లో ఇది బాగవుతుందా. నేను సెకండ్ హ్యాండ్‌లో మోజుపడి తెచ్చిన ఒక జత చూడడానికి బాగానే ఉండేది. ఒక రోజు దుమ్ము తుడుస్తూ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగును వేలితో అలా తాకాను, తడిసిన బూడిదలా ఊడి వేలికి నల్లగా అంటుకుంది. ఫోమ్ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిస్తే అలాగే పొడైపోతుంది, రబ్బరు రింగు ఎక్కువ కాలం ఉంటుంది. ఇంకోసారి సౌండ్‌బార్ పోతే చౌరస్తా దగ్గర రిపేర్ చేసే పెద్దాయన విప్పి చూసి, "సార్, బోర్డు మొత్తం మార్చాలె, గీ బోర్డు దొరకది" అని స్క్రూలు మళ్లీ బిగించి ఇచ్చాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

అందుకే స్పీకర్లు వేరుగా, ఆంప్లిఫయర్ వేరుగా. ఒకటి పోతే రెండోది మిగులుతుంది. బడ్జెట్‌లో సగానికి పైగా స్పీకర్లకే పెట్టండి. హోమ్ థియేటర్ రిసీవర్ అయితే టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కనెక్షన్ 2013లో 2.0, 2017లో 2.1 అంటూ మారుతూనే ఉంటుంది, ఆంప్లిఫయర్ భాగం బాగానే ఉన్నా టీవీ మార్చినప్పుడల్లా మనకు దురద. పాటలకైతే మామూలు స్టీరియో ఆంప్లిఫయర్ చాలు, 12 అడుగుల హాల్లో ఐదు స్పీకర్లు దండగ అని నా అభిప్రాయం, కామెంట్లలో తిట్టండి. వైరు ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 స్క్వేర్ ఎంఎం రాగిదే, ఐదు మీటర్లు రానూపోనూ కలిపినా దాని రెసిస్టెన్స్ 0.1 ఓమ్ దాటదు, స్పీకర్ 8 ఓమ్స్. ఆంప్లిఫయర్‌ను మాత్రం మూసిన షోకేస్‌లో పెట్టొద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ల ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క ఉంది, మన మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

నా సెట్ చేయలేనిది కూడా చెప్పేస్తా. డీజే బండి ముందు నిలబడితే గుండెల్లో దిగే దెబ్బ ఇందులో రాదు. పక్కింట్లో చంటిపిల్ల ఉంది, నాకూ అది అక్కర్లేదు.

[ఖాళీ సజ్జ.]

మొదట చూపించిన షాట్ పోయిన శనివారంది. ఆదివారం పాత సామాన్లు కొనే అతను గల్లీలోకి వస్తే ఏడూ దించి ఇచ్చాను. మంచం కింద ఎనిమిదోది ఉంది, ఇప్పుడు మోగుతున్న ఆంప్లిఫయర్‌ది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను, మా ఇంటావిడ గడపలోంచి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. అదీ ఇచ్చేశాను. అన్నీ తొక్కి మడిచి తూకం వేశాడు, తొమ్మిది కిలోలు, తొంభై రూపాయలు. ఆ తొంభైతో ఆవిడ మిర్చి బజ్జీలు తెప్పించింది.