కజాన్‌లో చాయ్ దగ్గర నేర్చుకున్న రష్యన్

నమస్తే అందరికీ! రష్యాలో మా కజాన్‌లో ఈ రోజు పొద్దున -8 డిగ్రీలు. బయట ఫోన్ పట్టుకుంటే వేళ్లు మొద్దుబారిపోతాయి, అందుకే ముందు హాస్టల్ కిచెన్‌లో మాట్లాడుకుందాం, తర్వాత షాపుకి వెళ్దాం. "రష్యన్ ఎలా నేర్చుకున్నావక్కా?" అని చాలామంది అడిగారు. నాకు సగం భాష ఈ స్టవ్ దగ్గరే వచ్చింది.

మా ఎంబీబీఎస్ పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్తారు. కానీ వార్డులో పేషెంట్లు మాట్లాడేది రష్యన్. కడుపునొప్పితో వచ్చిన పెద్దావిడని "ష్తో వీ యేలి?", అంటే "ఏం తిన్నారు?" అని అడగడం మొదట్లోనే నేర్చుకున్నాను. ఆవిడ చెప్పే పది తిండి పేర్లలో ఒక్కటీ తెలియకపోతే ఆ ప్రశ్న అడిగి ఏం లాభం? ఆ టెన్షన్‌తోనే తిండి మాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీలో ఉన్నది చాయ్. మా వరంగల్‌లో ఏమంటామో ఇక్కడా అదే మాట. రష్యాకి తేయాకు మంగోలియా, సైబీరియా మీదుగా నేల దారిన వచ్చింది. 1638లో ఒక మంగోల్ ఖాన్ జార్ మిఖాయిల్‌కి పంపిన కానుకల్లో అదీ ఉంది. ఇక్కడ పాలు పోసి మరిగించరు. చిన్న కెటిల్‌లో చిక్కగా జవార్క తీస్తారు, మన డికాక్షన్ అనుకోండి. కప్పులో అది కొంచెం పోసి, పైన కిప్యతోక్, అంటే మరిగిన నీళ్లు కలుపుతారు.

ఇప్పుడు అసలు సంగతి. చాయ్ కౌంటర్‌లో అమ్మాయి అడుగుతుంది: "స్ సాఖరమ్? బిస్ సాఖర?" చక్కెరతోనా, లేకుండానా అని. చక్కెర అంటే సాఖర్. 'తో' చేరితే సాఖరమ్, లేకుండా అంటే సాఖర. పాలు మలకో. పాలతో అయితే మలకోమ్, పాలు లేకుండా అయితే మలకా. అన్ని మాటలకీ ఆ 'మ్' రాదు. నీళ్లు వదా, నీళ్లతో అంటే వదోయ్. క్లాసులో ఆరు విభక్తుల పట్టిక చూసి ఏడ్చినవాళ్లని చూశాను. చిన్నప్పుడు "చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి" అని అందరం బట్టీ పట్టాం కదా. ఆ 'తో' చేసే పనే ఇక్కడ ఈ చివరి 'మ్' చేస్తుంది. మాట చివర మారడం మనకి పుట్టుకతో తెలిసిన పద్ధతి. దాన్ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోబోతేనే కష్టంగా కనిపిస్తుందని నా నమ్మకం.

మాటలు కూడా కొన్ని దగ్గరి చుట్టాలే. సాఖర్ మూలం సంస్కృత శర్కర, గ్రీకు మీదుగా ఇక్కడికి చేరింది. మన చక్కెరా ఆ శర్కర నుంచి వచ్చిందే. మ్యాస అంటే మాంసం. మ్యోద్ అంటే తేనె, మన మధువుకి తోబుట్టువు. ఎలుగుబంటిని మెద్వేద్ అంటారు, తేనె తినేది అని. అడవిలో దాని అసలు పేరు పలకడానికి భయపడి ఇలా అనేవారట. మన ఊళ్లలో రాత్రిపూట పాముని పురుగు అంటారు చూడండి, అలా.

మ్యాస అనే మాట ఒకసారి నన్ను బాగా బాధపెట్టింది. నేను శనివారం నీసు తినను. మొదటి చలికాలంలో ఒక క్యాంటీన్‌లో "బిజ్ మ్యాస?", అంటే మాంసం లేనిదేనా అని అడిగి, అవునంటే సూప్ తీసుకున్నాను. మూడు చెంచాలు తిన్నాక అందులో చికెన్ ముక్క వచ్చింది. అడిగితే "ఇది మ్యాస కాదు, కూరిత్స" అన్నారు. కూరిత్స అంటే కోడి. కొందరికి మ్యాస అంటే వేటమాంసం, బీఫ్, పంది మాత్రమే. ఆ రోజు గదికొచ్చి చాలాసేపు ఏడ్చాను. తర్వాత తెలిసిన మాట పోస్త్. ఈస్టర్‌కి ముందు ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడు వారాలు పాటించే ఉపవాసం అది. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. ఆ రోజుల్లో "పోస్నయ యెస్త్?", అంటే పోస్త్ వంట ఉందా అని అడిగితే చాలు, మన కార్తీకమాసం వంట లాంటిది దొరుకుతుంది. చేప విషయం మాత్రం విడిగా అడగండి.

సరే, షాపుకి వచ్చాం. ఈ అరలన్నీ పాలవే. కెఫీర్ తాగేది, స్మితానా పుల్లటి మీగడ, త్వారగ్ విరిగిన పాల ముద్దలా ఉంటుంది. పెరుగన్నానికి నేను తీసుకునేది ప్రస్తక్వాష. ఈ పేరు చివరి 'క్వాష', 'క్వాస్' ఒకే మూలం నుంచి వచ్చినవి, పులుపు అని. రై అనే ధాన్యంతో చేసిన రొట్టెని పులియబెట్టి చేసే పానీయం పేరు కూడా క్వాసే. మా రూమ్మేట్‌ది రాజమండ్రి. మొదటిసారి క్వాస్ తాగి "ఇది మా అమ్మమ్మ తరవాణే!" అని గ్లాసు దించలేదు. ఎండాకాలంలో ఇందులో దోసకాయ, ముల్లంగి, ఆలుగడ్డ, గుడ్డు తరిగి వేసి చల్లటి సూప్ చేస్తారు, అక్రోష్క. పైన ఉక్రోప్, అంటే మన సోయకూర. ఇక్కడ అది పడని వంట వెతకాల్సిందే.

వార్డులో ఈ నోట్‌బుక్ ఎలా పనికొచ్చిందో చెప్తాను. స్తోల్ అంటే బల్ల. మేం తినే క్యాంటీన్ పేరు స్తలోవయ అందులోంచే పుట్టింది. కేస్ షీట్‌లో "స్తోల్ నంబర్ 9" అని చూసి మొదట బెడ్ పక్కన బల్ల కోసం వెతికాను. అది షుగర్ పేషెంట్ల పథ్యం. 5 అయితే కాలేయం, పిత్తాశయం జబ్బులకి. మనుయీల్ పెవ్‌జ్నెర్ అనే డాక్టర్ సోవియట్ కాలంలో 15 పథ్యాలకి ఇలా నంబర్లు వేశారు.

ఇక సాయంత్రం. ఈ వారం మాస్లెనిత్స, పోస్త్‌కి ముందు వెన్న తినే ఆఖరి వారం. ఈ రోజు బుధవారం. అత్తగారు అల్లుడిని బ్లినీకి, అంటే పల్చటి అట్లకి, పిలిచే రోజు. మన సంక్రాంతికి కొత్త అల్లుడు వచ్చినట్టే అన్నమాట. మా హాస్టల్ డ్యూటీ ఆవిడ మాకు బ్లినీ పోయడం నేర్పిస్తానని కిచెన్‌లోకి వచ్చారు. ఆవిడని పేరు, తండ్రి పేరు కలిపి పిలవాలి. మనం 'గారు' అన్నంత మర్యాద అది.

నేను పోసిన మొదటి బ్లిన్ పెనానికి అంటుకుని ముద్దైపోయింది. ఆవిడ భుజం తట్టి "పేర్వీ బ్లిన్ కోమమ్" అన్నారు, మొదటి బ్లిన్ ముద్దగానే వస్తుందని. ఎవరూ అర్థం చెప్పలేదు. కోమ్ అంటే ముద్ద, చివర ఆ 'మ్' నాకు వినిపించింది. సాఖరమ్, మలకోమ్, కోమమ్.

రెండోది గుండ్రంగా, పల్చగా లేచింది. పళ్లెంలో పెట్టి ఆవిడ అడిగారు: "స్మితానాతోనా, తేనెతోనా?"

"స్ మ్యోదమ్" అన్నాను.