చప్పట్లకు హాజరు పట్టీ

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు, ముఖ్యంగా వెనక వరసల్లో కిక్కిరిసి కూర్చున్న పిల్లలకు నమస్కారాలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ, నాకిచ్చిన 20 నిమిషాలూ అక్కడే అయిపోతాయి. క్షమించండి.

నన్ను పరిచయం చేసిన మాస్టారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. 31 ఏళ్లు లెక్కలు చెప్పానన్నారు, నిజమే. అందులో 9 ఏళ్లు హౌస్ ఇన్‌ఛార్జిగా, అంటే పోటీల కోసం పిల్లల్ని విడగొట్టే జట్లలో ఒకదానికి బాధ్యుడిగా కూడా ఉన్నాను. ఆ సంగతి ఆయన చెప్పలేదు. మర్యాద కొద్దీ వదిలేశారేమో. నేను మాత్రం దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

నాకు ఇచ్చిన అంశం 'విద్యార్థుల్లో స్కూల్ స్పిరిట్ పెంపొందించడం ఎలా'. దాని మీద ఆరు పేజీలు రాసుకొచ్చాను కూడా. ఇవిగో. కానీ లోపలికి వస్తుంటే తలుపు దగ్గర ఒక టీచరమ్మ గారు రిజిస్టర్ పట్టుకుని, ఒక్కో పిల్లాడి పేరు అడిగి టిక్కు పెట్టుకుంటూ కనిపించారు. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకి అప్పగించిన పని ఆవిడ చేస్తున్నారు. కానీ ఆ టిక్కులు చూశాక ఈ ఆరు పేజీలు చదవబుద్ధి కావడం లేదు.

మీ ప్రిన్సిపల్ గారు నాకు రెండు ఉత్తరాలు చూపించారు. శుక్రవారం చివరి పీరియడ్‌ని స్పిరిట్ అవర్ చేసి, అందరూ తప్పనిసరిగా రావాలన్నాక పిల్లలు రెండుగా చీలిపోయారట. ఒక వర్గం రాసింది: 'మా స్కూలంటే మాకు ఇష్టమే. ఆ ఇష్టాన్ని ప్రతి శుక్రవారం రెండున్నరకి అరిచి చూపించమంటేనే కష్టం.' రెండో వర్గం రాసింది: 'అందరూ రాకపోతే అది స్కూల్ ప్రోగ్రాం ఎలా అవుతుంది? క్లబ్బు అవుతుంది.' రెండూ చదివాను. రెండూ బాగున్నాయి. పెద్దవాళ్లం రాసే సర్క్యులర్ల కంటే బాగున్నాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను. పిల్లలూ, ఈ సభకి మీలో ఎంతమంది ఇష్టపడి వచ్చారు?

ఆగండాగండి, చేతులెత్తొద్దు. మీ టీచర్లు చూస్తున్నారు. ఎత్తినా ఎత్తకపోయినా ఆ లెక్క నాకు పనికిరాదు. చూశారా, ఇక్కడే వచ్చింది చిక్కంతా.

సరే, నా కథకి వస్తాను. మా స్కూల్లో నాలుగు హౌస్‌లు. నాది బ్లూ హౌస్. శుక్రవారం సాయంత్రం అందరినీ హాల్లో కూర్చోబెట్టేవాళ్లం. డ్రమ్ము మోగగానే ఒక్కో హౌస్ లేచి తన స్లోగన్ అరవాలి. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకి ఎక్కువ పాయింట్లు. నా చేతిలో రిజిస్టరు, ఎర్ర పెన్ను. ఎవరు అరవడం లేదో చూడటం నా పని. మీరు నవ్వుతున్నారు గానీ, అప్పట్లో అది నాకు చాలా పెద్ద బాధ్యతలా అనిపించేది.

మూడో వరస చివర ఒక అమ్మాయి కూర్చునేది. ఎనిమిదో తరగతి. డ్రమ్ము మొదలవగానే రెండు చూపుడు వేళ్లూ చెవుల్లో పెట్టుకుని తన బూట్ల లేసుల వంక చూస్తూ ఉండేది. మూడు వారాలు చూశాను. నాలుగో వారం దగ్గరికెళ్లి, వంగి, 'నోరు తెరువు' అన్నాను. తెరిచింది. చెవుల్లోంచి వేళ్లు తీసి, అందరితో పాటు పెదాలు కదిపింది. శబ్దం లేదు. అంత దగ్గరగా నిలబడ్డాను కాబట్టి నాకు స్పష్టంగా తెలుసు, ఒక్క అక్షరం కూడా బయటికి రాలేదు.

నేను టిక్కు పెట్టాను.

ఆ టిక్కు గురించి తర్వాత చాలా ఏళ్లు ఆలోచించాను. ఆ పిల్లకి స్కూల్ మీద ఉన్న అభిమానాన్ని నేను రిజిస్టర్లో ఎక్కించానా? లేక శబ్దం లేకుండా నోరు కదపడం నేర్పించానా?

ఆ తర్వాతి వారం ఆమె అది కూడా చెయ్యలేదు. నాకు కోపం వచ్చింది. మా హౌస్‌కి ఐదు పాయింట్లు కోశాను. నా హౌస్‌కి నేనే. నిష్పాక్షికంగా ఉన్నానని గర్వం కూడా. ఆ వారం బ్లూ హౌస్ రెండు పాయింట్ల తేడాతో ఓడింది. లెక్కల మాస్టారిని కదా, ఐదు కోయకపోతే మేమే గెలిచేవాళ్లమని నాకు వెంటనే తెలిసింది. తెలియనివాళ్లెవరూ లేరు.

సోమవారం పొద్దున ఆ అమ్మాయి బల్ల మీద ఎవరో సుద్దతో '-5' అని రాశారు. నేను చూశాను. చెరిపించలేదు. పిల్లలు వాళ్లలో వాళ్లే సర్దుకుంటారు, మనం మధ్యలో దూరితే ఇంకా ముదురుతుంది అనుకున్నాను. ఆమె ఆ అంకె మీద నోట్‌బుక్ పెట్టి దాచేసింది. సాయంత్రం నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఆమెది వచ్చింది. వెనక అట్ట మీద ఆ ఐదు తిరగబడి, పలచగా అంటుకుని ఉంది. లెక్కలన్నీ సరిగ్గా చేసింది. నేను 'గుడ్' అని రాసి తిరిగిచ్చేశాను.

పక్కనున్న పిల్లలు చెడ్డవాళ్లని మీరు అనుకోకూడదు. ఒక్కరి మౌనానికి అరవై మంది మార్కులు కోస్తే ఆ అరవై మందీ కాపలాదార్లవుతారు. ఆ ఏర్పాటు చేసింది నేను. పోటీ పెడితే పిల్లలు ఎంత త్వరగా మనమూ వాళ్లూ అని విడిపోతారో అమెరికాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చూపించాడు. పదకొండు, పన్నెండేళ్ల మగపిల్లల్ని ఒక వేసవి శిబిరంలో రెండు గుంపులు చేసి పందేలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే ఒక గుంపు రెండో గుంపు జెండాని తగలబెట్టేసింది. అయితే వాళ్లు ఎదుటి గుంపు మీద పడ్డారు. నేను పెట్టిన పద్ధతిలో సొంత గుంపులోని పిల్ల మీదే పడ్డారు. ఆ విషయంలో నేను షెరీఫ్ కంటే ఒక మెట్టు పైన.

సరే, రెండో వర్గం పిల్లలు నా మీద గుర్రుగా ఉన్నారని తెలుస్తోంది. మీ తరఫున కూడా చెప్తాను. వందమంది ఒక్క గొంతుతో అరిచినప్పుడు వెన్నులో ఏదో పాకుతుంది, అది అబద్ధం కాదు. ఎమిల్ దుర్కైమ్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1912లోనే దీని గురించి రాశాడు. మనుషులు ఒక చోట చేరి ఒకే పని చేస్తున్నప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు లేని శక్తి ఒకటి పుడుతుందన్నాడు. నేనూ అనుభవించాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేను బలవంతంగా డ్రమ్ము ముందు కూర్చోబెట్టిన ఒక మొహమాటస్తుడు ఏడాది తిరిగేసరికి ఆ డ్రమ్ము ఎవరికీ ఇవ్వనంటూ మొండికేశాడు. కొందరికి ఆ మొదటి తోపు కావాలి. నిజమే. కానీ వాడిని నేను పక్కకి పిలిచి, కర్ర చేతికిచ్చి, 'ఒక్కసారి కొట్టి చూడరా' అన్నాను. అలా పిలవడం వేరు, అరవై మంది ముందు నోరు తెరవమనడం వేరు. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు. రెండూ క్రమశిక్షణే అనుకున్నాను.

అసలు ఈ అరుపుల సంప్రదాయం ఎలా మొదలైందంటారో తెలుసా? 1898లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనంలోంచి లేచి, అందరికీ ఎదురుగా వెళ్లి నిలబడి నినాదం ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు అందుకున్నారు. చీర్‌లీడింగ్ పుట్టుక అదేనంటారు. ఆ కథలో రిజిస్టర్ లేదు, టిక్కు లేదు.

పాయింట్లు ఇస్తే ఉత్సాహం పెరుగుతుందని మనకో నమ్మకం. దాన్ని కూడా పరీక్షించి చూశారు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ప్రాణం పెట్టే పిల్లల్నే ఎంచుకున్నారు. కొందరికి, 'బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. చెప్పినట్టే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత ఆ పెన్నుల్ని ఊరికే బల్ల మీద పెట్టి చూశారు. ఆశ చూపించిన పిల్లలు వాటితో గడిపిన సమయం, ఏ ఆశా చూపని పిల్లలు గడిపిన దాంట్లో సగమే. ఇష్టం లేని పిల్లల సంగతి వదిలేయండి, ఇష్టమున్న పిల్లలకే అలా అయింది. రెండో వర్గం పిల్లలూ, ఈ ముక్క మీ కోసమే చెప్తున్నాను. ఈ పాయింట్ల వల్ల ఎక్కువ నష్టపోయేది మీరు.

ఇది నాకు ముందుగా చెప్పింది పుస్తకాలు కాదు. మా హౌస్ కెప్టెన్. వాడికి బ్లూ హౌస్ అంటే పిచ్చి. ఆ '-5' గొడవయ్యాక స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. ఆ అమ్మాయిని వేరే హౌస్‌కి మార్చమంటాడేమో అనుకున్నాను. తలుపు దగ్గరే నిలబడి, 'సార్, ఒక్క వారం హాజరు తీయకండి. మా కోసం ఎంతమంది వస్తారో చూడాలనుంది' అన్నాడు. ప్రతి వారం అరవై మంది వస్తున్నారు కదరా అన్నాను. 'వాళ్లు మీ కోసం వస్తున్నారు సార్' అన్నాడు.

మా ప్రిన్సిపల్ గారిని అడిగితే కుదరదన్నారు. ఆయన సెలవులో ఉన్న ఒక శుక్రవారం నేనే తెగించి రిజిస్టర్ బీరువాలో పెట్టేశాను. 60 మందిలో 23 మంది వచ్చారు. నా గుండె జారిపోయింది. కెప్టెన్ మాత్రం ఆ 23 మందినీ వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు, పెళ్లిలో చుట్టాల్ని చూసుకున్నట్టు. అరుపు చిన్నదే. డ్రమ్ము ఆగిపోయాక కూడా వాళ్లు ఆపలేదు. వాచ్‌మన్ వచ్చి లైట్లు తీసేస్తుంటే ఇంకా అరుస్తూనే ఉన్నారు.

ఆ అమ్మాయి రాలేదు. వచ్చి ఉంటే కథ బాగుండేది, కానీ రాలేదు. ఆ తర్వాతి వారం రిజిస్టర్ మళ్లీ నా చేతికొచ్చింది. నేను మళ్లీ టిక్కులు పెట్టాను. ఇంకో రెండేళ్లు పెట్టాను.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు ఇవ్వండి.

క్రమశిక్షణ ఏమైపోతుందని కొందరు పెద్దలు అడుగుతారు. మన సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న ఇచ్చిన తీర్పు ఒకటుంది, బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో ముగ్గురు తోబుట్టువులు జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు. తమ మతవిశ్వాసం వల్ల పాడేవాళ్లు కాదు. 1985 జూలైలో వాళ్లని స్కూల్ నుంచి పంపించేశారు. వాళ్లని వెనక్కి తీసుకోమని తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. నిలబడ్డారు కదా, అగౌరవం ఎక్కడుంది అన్నది అందులోని మాట. అంతకు చాలా ముందు, 1943లో, యుద్ధం మధ్యలో అమెరికా సుప్రీంకోర్టు కూడా జెండాకి సెల్యూట్ చేయాలని స్కూలు పిల్లల్ని బలవంతపెట్టకూడదంది. మూడేళ్ల ముందు తానిచ్చిన తీర్పునే తిరగరాసుకుంది.

హౌస్ స్లోగన్‌కీ జాతీయ గీతానికీ పోలికేమిటంటారా? నేననేదీ అదే. జాతీయ గీతానికే నిలబడితే చాలన్నారు. నేను బ్లూ హౌస్ కోసం నోరు తెరవలేదని పాయింట్లు కోశాను.

ప్రిన్సిపల్ గారూ, రెండు ఉత్తరాలకీ జవాబు రాస్తానన్నారు. నా మనవి ఒక్కటే. శుక్రవారం ఆ గంట ఉంచండి, తీసేయొద్దు. డ్రమ్ము ఉంచండి. మొహమాటపడే పిల్లల్ని పక్కకి పిలిచి ఒక్కసారి అడగండి. బ్యానర్లకి రంగులేస్తావా, స్కోరు రాస్తావా, లేదంటే లైబ్రరీలో కూర్చుంటావా అని. రంగు చొక్కా లేదని ఇంట్లోనే ఉండిపోయే పిల్లలుంటారు, వాళ్లని కారణం అడక్కండి. ఒకరి మౌనానికి ఇంకొకరి మార్కులు మాత్రం కోయొద్దు.

ఇంకా నా దగ్గర ఆరు పేజీలున్నాయి. వాటిలో అప్పట్లో నాకు గొప్పగా అనిపించిన చిట్కాలు చాలా రాశాను. వినాలనుకునేవాళ్లు ఉంటే చదువుతాను. తలుపు దగ్గర కూర్చున్న టీచరమ్మ గారూ, ఆ రిజిస్టర్ ఓసారి మూసేసి మీ పక్కన పెట్టుకుంటారా? పిల్లలూ, వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు. తలుపు నెమ్మదిగా వేసుకోండి. మిగిలినవాళ్లు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి, మైకు లేకుండా మాట్లాడుకుందాం.