మధ్య కుర్చీ

శ్రోతలకు నమస్కారం. శ్రీకాకుళంలో నా కౌన్సెలింగ్ గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలుంటాయి. ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక మంచినీళ్ల కూజా. అంతే. మొదటిసారి వచ్చినవాళ్లు గదంతా చూసి, "వైద్యం ఎక్కడ చేస్తారమ్మా?" అని అడుగుతుంటారు. ఇక్కడే, ఈ కుర్చీల్లోనే అంటాను. ఈ రోజు సైకోథెరపీ గురించి మాట్లాడమన్నారు. మాటల వైద్యం అనుకుందాం. నాకున్న కాసేపట్లో ఒక్క కుర్చీ కథ చెబుతాను.

అందులో కూర్చున్నది తొమ్మిదో తరగతి చదివే పాప. సముద్రం ఒడ్డు ఊరు. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. నా గదిలో విన్నది బయటికి పోకూడదు, అది మీ హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కూడా ఆ మాట ఉంది.

పాపకి నాలుగు నెలలుగా కడుపునొప్పి. స్కానింగ్ తీశారు, రక్తపరీక్షలు చేయించారు. ఏమీ లేదు. నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. తగ్గలేదు. చివరికి పరీక్షలన్నీ చూసిన డాక్టరుగారే నా దగ్గరికి పంపారు.

ఇంట్లో ఏమైనా మారిందా అని అడిగాను. మన తీరం నుంచి చాలామంది గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు కదా. ఆగస్టులో వెళ్తే, అక్కడ వేట నిషేధం మొదలయ్యే జూన్ నాటికి ఇంటికొస్తారు. ఈ పాప తండ్రి పన్నెండేళ్లు అలాగే తిరిగాడు. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో చుట్టంలా ఉండేవాడు. ఆ ఏడాది నడుంనొప్పి వల్ల వెళ్లలేదు. అందరూ సంతోషించారు. ఆ సంతోషం వినాయక చవితి దాకా నిలిచింది.

గదిలోకి రాగానే ముగ్గురూ వాళ్లంతట వాళ్లే కూర్చున్నారు. అటు తండ్రి, ఇటు తల్లి, మధ్య కుర్చీలో పాప. తండ్రి పాపతో, "ఫీజు కట్టేసిందేమో మీ యమ్మనడుగు" అన్నాడు. తల్లి మూడడుగుల దూరంలో ఉంది. వినబడింది. అయినా పాప అటు తిరిగి, "అమ్మా, ఫీజు కట్టేసినావా?" అంది. తల్లి, "కట్టేసినానని చెప్పు" అంది. పాప మళ్లీ ఇటు తిరిగింది. చెప్పింది. చెబుతూ ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకుని అదుముకుంది.

ఆ చెయ్యి నేను చూశాను.

పాపని లేచి కిటికీ దగ్గర కూర్చోమన్నాను. మధ్య కుర్చీ తీసి గోడవారగా పెట్టేశాను. ఇది నేను కనిపెట్టిన విద్య కాదులెండి. సాల్వడార్ మినూచిన్ అని, అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన వైద్యుడు, ఇలా కుర్చీలు మార్చి కుటుంబాలకు వైద్యం చేసేవాడు. రోగం ఒక మనిషి ఒంట్లోనే ఉండాలని లేదు, ఇద్దరి మధ్య ఉన్న జాగాలో కూడా ఉండొచ్చు అనేది ఆ పద్ధతి.

కుర్చీ తీసేశాక గదిలో ఫ్యాను చప్పుడే. తండ్రి నేల చూస్తున్నాడు. "ఏటి మాటాడాలమ్మా?" అన్నాడు నాతో. ఆ ఫీజు సంగతే అడగండి అన్నాను. గొంతు సవరించుకున్నాడు. భార్యని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. "ఇదిగో... ఫీజు కట్టేసినావా?" అన్నాడు. ఆమె, "కట్టేసినాను" అంది. ఆ రోజుకి వైద్యం అంతే. నవ్వకండి, ఆ మూడు ముక్కలకీ అరగంట పట్టింది.

తర్వాత వారాల్లో ఒక పని చేయించాను. మీరు గుర్తుంచుకుంటే ఈ ఒక్కటే గుర్తుంచుకోండి. ఒకరు మాట్లాడతారు, రెండోవారు వింటారు. విన్నాక వెంటనే జవాబు చెప్పకూడదు. ముందు విన్నది తిరిగి చెప్పాలి. చెప్పినవారు "అవును, నేనన్నది అదే" అన్నాకే జవాబు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కదా? ఈ రాత్రి మీ ఇంట్లో చేసి చూడండి.

ఆమె ఇలా అంది: "పన్నెండేళ్లు ఇల్లు నాను నడిపినాను. ఇప్పుడు బియ్యం ఏ కొట్లో తెచ్చినావు, ఎంతకి తెచ్చినావని నిలదీస్తాడు." ఏమందో చెప్పండి అన్నాను ఆయన్ని. "బియ్యం ధర అడగొద్దంటంది." ఆమె కాదని తలూపింది. మళ్లీ అడిగాను. "నాను డబ్బు పంపితే..." అని మొదలెట్టాడు. అది జవాబు, విన్నది చెప్పండి అన్నాను. మూడోసారికి నెమ్మదిగా, "దొంగ లెక్క చూసినట్టు చూస్తన్నానంటంది" అన్నాడు. "అవును" అంది ఆమె.

తర్వాత ఆయన వంతు. "ఇంట్లో ఉన్నా బోటు మీదున్నట్టే ఉంది. నా మాట ఎవలికీ అక్కర్లేదు." ఈ మాట తిరిగి చెప్పడానికి ఆమెకి ఒక్కసారే సరిపోయింది. గట్టిగా మాట్లాడే మనిషి, చిన్న గొంతుతో చెప్పింది.

నాలుగోసారి పిలవకుండానే నాయనమ్మ వచ్చింది. "మాకు లేదేటి టెన్షను?" అంటూ నాలుగో కుర్చీలో కూర్చుంది. నాకు సంతోషమే. మనవైపు ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఆటోలో ఆరుగురు వస్తారు. దాన్ని రద్దీ అని విసుక్కునేవాళ్లుంటారు. నేను బలం అంటాను. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు ఇంటివాళ్లనీ ఉండనిచ్చారు. అంటే ఇది మన దేశంలోనూ ఎప్పటి నుంచో ఉన్నదే.

ఇక ఒక్కరే వచ్చే సందర్భాలూ ఉంటాయి. నాలుగుసార్లు పరీక్ష తప్పిన కుర్రాడు "నేను దేనికీ పనికిరాను" అంటాడు. ఆ వాక్యాన్ని తీర్పులా కాకుండా, ఫిర్యాదులా ముందు పెట్టుకుని ఇద్దరం సాక్ష్యాలు వెతుకుతాం. అది వేరే కథ. మందులు అవసరమైనవాళ్లకి సైకియాట్రిస్టు ఇస్తారు. నా మాటలు విని వాటిని మానేయకండి. ఇంకొకటి, ఇంట్లో కొట్టడం ఉంటే భార్యాభర్తల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడం మొదటి పని కానే కాదు. ముందు ఆమె క్షేమం. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి.

మా చిన్నప్పుడు ఎవరినైనా ఏడిపించాలంటే చినవాల్తేరు పంపిస్తాం అనేవారు, విశాఖ మానసిక వైద్యశాల అక్కడుంది కాబట్టి. ఆ సిగ్గు ఇంకా పోలేదు. గడప దాటడానికి మొహమాటంగా ఉంటే 14416 ఉంది. టెలి మానస్ అని, మనసు బాధలు ఫోన్లో చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తున్నా ఆ నంబరుకే చేయండి. మళ్లీ చెబుతున్నా, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

పాప సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఒప్పుకోరు. నొప్పి ఒక్కరోజులో పోలేదు. సెలవుల్లో తగ్గింది, పరీక్షలప్పుడు మళ్లీ వచ్చింది, తర్వాత తగ్గింది. తండ్రి నడుం బాగుపడి మరుసటి ఆగస్టుకి మళ్లీ వీరావల్ వెళ్లిపోయాడు. అప్పు అలాగే ఉంది మరి. అయితే ఇదివరకు పాపకి ఫోన్ చేసి "మీ యమ్మకి చెప్పు" అనేవాడు, ఇప్పుడు నేరుగా ఆమెకే చేస్తున్నాడు. ఆ మధ్య పాప నా దగ్గరికొచ్చి ఒక ఫిర్యాదు చేసింది. ఇదివరకు ఇంట్లో కబుర్లన్నీ ముందు తనకే తెలిసేవట, ఇప్పుడేమీ తెలియట్లేదట.